గ్రాములో పదోవంతు

పద్దెనిమిది గ్రాముల పొడి పడగానే గుడ్రూన్ గ్రైండర్ ఆపింది. పిడిగిన్నెలో పొడిని చదునుగా అదిమి, దాన్ని ఎస్ప్రెస్సో యంత్రానికి బిగించి, కింద చిన్న కప్పు, కప్పు కింద కొత్త కాటా పెట్టి మీట నొక్కింది. ఎలకతోకల్లాంటి రెండు సన్నని ధారలు దిగాయి. అంకె ముప్ఫై రెండుకు రాగానే చేయి దానంతటదే వెళ్ళి మీట కట్టేసింది. కాటా ముప్ఫై మూడు దగ్గర ఆగిపోయింది. రావలసింది ముప్ఫై ఆరు.

"అమ్మాయీ, మిగతాది నువ్వు తాగేశావా?" అన్నాడు హల్వర్ కప్పులోకి తొంగిచూస్తూ. ఆయనకు ఎనభై రెండేళ్ళు. బెర్గెన్ రేవులో పెద్ద ఓడలను లాగే పడవ నడిపి రిటైరయ్యాడు. యాభై ఎనిమిదేళ్ళ గుడ్రూన్‌ను అమ్మాయీ అని పిలిచేవాడు ఊళ్ళో ఆయనొక్కడే.

"కొత్త కాటా వచ్చింది, హల్వర్. చెయ్యి ఇంకా అలవాటు పడలేదు."

"కాటా కొత్తదైతే నా కాఫీ తగ్గాలా? మా ఆవిడ కొత్త కళ్ళజోడు కొనుక్కున్నప్పుడు నేనూ ఇలాగే తగ్గిపోయాను."

గుడ్రూన్ నవ్వి, ఆ కప్పు పక్కన పెట్టి, మళ్ళీ పొడి పట్టింది. ఈసారి ముప్ఫై అయిదు దాకా చేతిని బలవంతాన ఆపుకోవలసి వచ్చింది.

పాత కాటా తొమ్మిదేళ్ళు పనిచేసి పోయినవారం పోయింది. దానికి బద్ధకం ఎక్కువ. కప్పులో ముప్ఫై అయిదు పడ్డా అది ముప్ఫై రెండు దగ్గరే తచ్చాడి, ధార ఆగిన తరువాత తీరిగ్గా వచ్చి చేరేది. దుకాణంలో పనిచేసే అందరి చేతులూ ఆ బద్ధకానికి తగ్గట్టు ముందే ఆపడం నేర్చుకున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు కళ్ళెదుట నిజం చూపించే కాటా వచ్చేసరికి రెండు రోజులుగా పొద్దుటి కాఫీలన్నీ పొట్టిగా వస్తున్నాయి.

గుడ్రూన్ తనకు తాను చెప్పుకుంటున్న ధైర్యం కూడా అదే. చేతికి పాత అలవాటు. అంతకంటే ఇంకేమీ లేదు.

సాసర్‌లో చెంచా పెట్టకుండా కప్పును రెండు చేతులతో పట్టుకుని హల్వర్ ముందు పెట్టింది. చెంచా ఉంటే మోగుతుంది. అక్టోబరు నుంచి ఆమె ఎవరికీ చెంచా పెట్టడం లేదు. అడిగినవాళ్ళకు చెంచాల డబ్బా చూపిస్తోంది.

యంత్రం దగ్గర మూడు కొత్త కాటాలున్నాయి. ఐవిన్ సోమవారం తెచ్చి పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఈ దుకాణంతో కలిపి మూడు దుకాణాల యజమాని. పందొమ్మిదేళ్ళ వయసులో ఇక్కడే గుడ్రూన్ దగ్గర పని నేర్చుకున్నాడు. "మూడు దుకాణాలకీ ఒకటే రకం కొందాం. ఏదో నువ్వే చెప్పు. నీ చేతికంటే నాకు పెద్ద కాటా ఏముంది?" అని వెళ్ళిపోయాడు.

బూడిదరంగుది మొదటిరోజే తేలిపోయింది. యంత్రం వేడి తగిలితే చాలు, మీద ఏమీ లేకపోయినా రెండు గ్రాములు, మూడు గ్రాములు అని చూపిస్తుంది. మిగిలినవి రెండు. తెల్లది వెడల్పుగా, బరువుగా ఉంటుంది, నీళ్ళు పడ్డా చెక్కుచెదరదు, కానీ పాతదానిలాగే నిదానం. నల్లది అరచేయంత, పొద్దున హల్వర్ కప్పు కింద పెట్టినది ఇదే. స్తవాంగెర్‌లో ఒక అక్కా తమ్ముడూ ఇంటి కింద షెడ్డులో చేస్తున్నారు. చుక్క పడడం, గ్రాములో పదోవంతు కదలడం రెండూ ఒక్కసారే జరుగుతాయి. పెట్టెలో అక్క చేత్తో రాసిన ఉత్తరం కూడా ఉంది. 'ఇది మేము చేసిన నలభై మూడోది. తప్పులుంటే దాచకుండా చెప్పండి.'

నల్లదానిలో బరువు కింద చిన్నగా ఇంకో అంకె కనబడుతుంది. కెటిల్‌తో చేత్తో పోసే కాఫీకి అది. సెకనుకు ఎన్ని గ్రాముల నీళ్ళు పడుతున్నాయో చెబుతుంది. మంచి చేయి పోస్తే అయిదు, అయిదు, అయిదు అని నిలబడాలి. మంగళవారం ఎవరూ లేనప్పుడు గుడ్రూన్ పోసి చూసింది. మూడు, ఎనిమిది, రెండు, ఆరు. కాటాను యంత్రం వెనక అరలోకి తోసేసి, దాని మీద ఒక గుడ్డ కప్పింది. అప్పటినుంచి యంత్రం పనికి తప్ప దాన్ని బయటికి తీయడం లేదు.

ఎనిమిదయ్యేసరికి దుకాణం నిండింది. తడిసిన కోట్లు, గొడుగులు, దాల్చినచెక్క బన్నుల వాసన. గుడ్రూన్ తల ఎత్తకుండా పనిచేసింది. యంత్రం దగ్గర ఫరవాలేదు. పిడి గట్టిగా పట్టుకున్నంతసేపూ చేయి బుద్ధిగానే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడే, ఎవరైనా డబ్బులు తీస్తుంటే ఆగినప్పుడే, బొటనవేలు చూపుడువేలి మీద ఏదో గింజను నలుపుతున్నట్టు కదులుతుంది. అలాంటప్పుడు చేతిని ఏప్రన్ జేబులో పెట్టుకుంటుంది.

ఈ చేతి గురించి ఆమె ఎప్పుడూ గర్వపడలేదు, ఎందుకంటే ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఇరవై ఏళ్ళప్పుడు మోలోయ్‌లో రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. రెండు వందల గ్రాముల డబ్బాల్లో రొయ్యలు నింపడం ఆమె పని. మేస్త్రీ ఆమె నింపిన డబ్బాను కాటా మీద పెట్టడం మూడో వారానికే మానేశాడు. పదహారేళ్ళ తరువాత ఫ్యాక్టరీ మూతపడితే, ఫెర్రీలో తాళ్ళు కట్టే పని చేసే స్వెర్రెను పెళ్ళాడి బెర్గెన్ వచ్చింది. పిల్లలు లేరు. ఇరవై రెండేళ్ళుగా ఈ దుకాణమే. ఎక్కడికీ వెళ్ళలేదు, దేనిలోనూ గెలవలేదు. ఆమె పోసిన కాఫీ మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండేది.

స్వెర్రెకు తెలుసో లేదో ఆమెకు తెలియదు. మూడు వారాల నుంచి ఉదయం ఆమె రొట్టెకు కూడా అతనే వెన్న రాసి, మీద గోధుమరంగు జున్ను పెట్టి ఇస్తున్నాడు. ఇరవై రెండేళ్ళలో అంతకుముందెప్పుడూ రాయలేదు.

"ఇవాళ వాన ఆగదట," అన్నాడు పొద్దున, రొట్టె ముందుకు జరుపుతూ.

"ఎప్పుడాగింది గనక?" అంది ఆమె.

వచ్చే సోమవారం ఆసుపత్రిలో నరాల డాక్టరును చూడాలి. ఆ కాగితం సంచిలో అడుగున ఉంది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెనకగదిలో కూర్చుని నోటుబుక్కు తీసింది. ఐవిన్‌కు ఇవ్వవలసిన మాట రాయాలి. తెల్లది కొందాం అని రాసింది. గట్టిది. ఎవరు వాడినా పాడవదు. అంకెలు పెద్దవి. చేతులకు పాతదాని నిదానం అలవాటే కాబట్టి కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. రాసినదాన్ని రెండుసార్లు చదివింది. ఒక్క అబద్ధం లేదు. ఇంత తేలిగ్గా అయిపోతుందని అనుకోలేదు. తెల్లదాని మీద ధార లెక్క ఉండదు. ఇంకో ఏడాది, జాగ్రత్తగా ఉంటే రెండేళ్ళు, ఎవరికీ తెలియకుండా గడవచ్చు.

రెండున్నరకు ఐవిన్ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. దుకాణంలో కిటికీ దగ్గర నిద్రపోతున్న ఒక విద్యార్థిని తప్ప ఎవరూ లేరు. నోటుబుక్కు తీసుకుని వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఇదేం రాత గుడ్రూన్, చీమలు పాకినట్టు? కాగితం పొదుపు చేస్తున్నావా?"

"కళ్ళు బాగున్నవాళ్ళకి చాలు."

"తెల్లదా?" అతను కొంచెం నిరాశపడ్డాడు. "నేను నల్లదే అంటావనుకున్నా. నిదానం కాటాతో తొమ్మిదేళ్ళు వేగాం, మళ్ళీ అదేనా? సరే, ఒకసారి నల్లదాని మీద పొయ్యి, చూస్తాను. మూడింటికి స్తవాంగెర్ వాళ్ళు ఫోన్ చేస్తారు. ఏదో ఒకటి చెప్పాలి."

"నువ్వే పొయ్యి. నాకు కప్పులున్నాయి కడగడానికి."

"నీ ముందు నేను పొయ్యడమా? మొదటి నెలంతా నా చేత ఉత్త నీళ్ళు పోయించావు. నాకింకా ఆ భయం పోలేదు."

గుడ్డ తీసి కాటా బయట పెట్టింది. గాజు జగ్గు, దాని మీద పింగాణీ గరాటు, అందులో ఫిల్టర్ కాగితం, పదిహేను గ్రాముల పొడి. కాటాను సున్నా చేసింది. పొడవాటి సన్నని ముక్కున్న కెటిల్‌ను కుడిచేత్తో ఎత్తి, చొక్కా చేయి సర్దుకుంటున్నట్టు ఎడమచేత్తో మణికట్టు పట్టుకుంది. పోసింది.

అయిదు. మూడు. ఎనిమిది. రెండు. ఆరు.

ఐవిన్ వంగి చూశాడు. అతని చూపు ఆమె చేతి మీదకు పోనేలేదు. కాటా మీదే ఉంది.

"దీనికి పూనకం వచ్చినట్టుందే!" అన్నాడు. "ఆగు, కింద ఫ్రిజ్ అదురుతోందేమో." మొత్తం ఎత్తి కిటికీ పక్క రాతి బల్ల మీద పెట్టాడు. ఒక మూల కింద కాగితం మడిచి పెట్టాడు. జగ్గు ఖాళీ చేసి, గరాటులో కొత్త కాగితం, కొత్త పొడి వేసి, కాటాను సున్నా చేశాడు. "ఇప్పుడు పొయ్యి."

ఆమె మళ్ళీ పోసింది. నాలుగు, ఏడు, రెండు, ఎనిమిది. వంద గ్రాముల దగ్గర ఆపేసింది.

"పాడు పీసు," అన్నాడు ఐవిన్ నడుం ఎత్తి. "పాపం, ఉత్తరం చదివి ముచ్చటపడ్డాను. ఇందుకేనా నువ్వు తెల్లది అన్నావు? మొహమాటపడి రాయలేదు కదూ? నీ చేతి కిందే నిలబడనిది ఇంకెవరి చేతి కింద నిలబడుతుంది? ఊళ్ళో కాఫీ దుకాణాలవాళ్ళంతా నన్నే అడుగుతున్నారు, ఎలా ఉంది, కొనొచ్చా అని. వాళ్ళకీ వద్దని చెప్పేస్తాను."

గుడ్రూన్ కెటిల్‌ను పట్టుకునే ఉంది. వదిలితే చేయి ఖాళీ అవుతుంది. ఊరుకుంటే చాలు. ఏమీ అనక్కర్లేదు, అబద్ధమాడక్కర్లేదు, అన్నీ అతనే అనేశాడు. నలభై మూడో కాటా చేసిన మనిషి, తను ఎప్పుడూ చూడని ఆ అక్క, ఇవాళ సాయంత్రం తన షెడ్డులో కూర్చుని దాన్ని విప్పి, లేని తప్పు కోసం వెతుకుతుంది. ఎంత వెతికినా దొరకదు.

ఫోన్ మోగింది. ఐవిన్ తెర చూసి, "వాళ్ళే," అన్నాడు. ఎత్తాడు. "ఆఁ, నమస్కారం. చూశామండీ... ఏం చెప్పాలో తెలీడం లేదు..."

"కాటా బాగానే ఉంది, ఐవిన్."

అతను ఫోన్ చెవికి పెట్టుకునే ఆమె వైపు తిరిగాడు.

"మళ్ళీ చేస్తానని చెప్పు," అంది గుడ్రూన్. చెప్పాడు. ఆమె కెటిల్ పిడిని అతని వైపు తిప్పి పట్టుకుంది. "ఇంకా నూటయాభై ఉంది. నువ్వు పొయ్యి."

"ఎందుకు?"

"పొయ్యి."

అతను పోశాడు. ఆమె నేర్పినట్టే, మోచేయి నడుముకు ఆనించి, మధ్యనుంచి అంచుకు, అంచునుంచి మధ్యకు. అయిదు. అయిదు. అయిదు. ఒకసారి నాలుగు, మళ్ళీ అయిదు. రెండు వందల యాభై గ్రాములకు సరిగ్గా ఆపాడు. కెటిల్ కింద పెట్టి ఆ అంకెను, తరువాత ఆమె చేతిని చూశాడు.

"అలిసిపోయుంటావు," అన్నాడు. "రెండు రోజులు సెలవు తీసుకో."

"అక్టోబరు నుంచీ ఇంతే."

"అక్టోబరా!" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "చెంచాలు..." అని ఆగిపోయాడు.

"ఆఁ. అందుకే."

"డాక్టరు?"

"సోమవారం."

"నాతో ఒక్క మాట అనకూడదా? నేనేమైనా పరాయివాణ్ణా?" అతనికి కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో అతనికే తెలియలేదు. "సరే. యంత్రం దగ్గర నీకేం ఇబ్బంది లేదు కదా. పోయడం ఇంకెవరైనా చూస్తారు. లేకపోతే ఆఫీసులో కూర్చో, గింజల ఆర్డర్లు చూడు. బల్ల వేయిస్తాను."

"నా రాత చదవడానికి నువ్వే తంటాలు పడ్డావు, ఆర్డర్లు ఎవరు చదువుతారు?" అంది గుడ్రూన్. అతను నవ్వలేదు. ఆమే కొంచెం నవ్వింది. "నల్లదే కొను. అది మంచిది. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు, పాపం ఎదురుచూస్తుంటారు."

ఐవిన్ ఫోన్ తీసుకుని బయట పందిరి కిందకు వెళ్ళాడు. అద్దంలోంచి అతని వీపు కనిపిస్తోంది. ఏదో గట్టిగా చెబుతున్నాడు, చేత్తో గాలిలో నీళ్ళు పోసినట్టు చూపిస్తున్నాడు. ఎదురుగా మనిషి ఉన్నట్టే.

ఆమె ఏప్రన్ విప్పి మడిచింది. కప్పులన్నీ కడిగి బోర్లించింది. ఒకటి సింకు అంచుకు తగిలి టంగున మోగితే విద్యార్థిని కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఇంకా మూడుంపావే. ఇరవై రెండేళ్ళలో గుడ్రూన్ నాలుగింటికి ముందు వెళ్ళింది రెండేసార్లు, రెండూ శవయాత్రలకే. కోటు బొత్తాలు పెట్టుకోవడానికి ప్రయత్నించి, పైది రాక వదిలేసింది.

గుమ్మం దగ్గర ఐవిన్ ఫోన్‌కు చేయి అడ్డం పెట్టాడు. "రేపు వస్తావుగా?"

"సోమవారం చూద్దాం," అంది. అతని భుజం మీద పడ్డ చినుకులు తుడిచింది, కుడిచేత్తోనే. ఆ చేయి అతని భుజం మీద కాసేపు అలాగే వణికింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు. తరువాత ఆమె హుడ్ వేసుకుని మెట్లవీధి దిగి వెళ్ళిపోయింది. వానలో అందరి కోట్లూ ఒకలాగే ఉంటాయి. కింద రేవు దాకా వాళ్ళలో ఆమె ఎవరో పోల్చుకోవడానికి ప్రయత్నించి, ఐవిన్ లోపలికొచ్చాడు.

రాతి బల్ల మీద గరాటు అలాగే ఉంది. దాన్ని తీయాలనిపించలేదు. ఇద్దరు పోసిన కాఫీ కింద జగ్గులో, తడిపొడి పైన కాగితంలో. సన్నగా ఆవిరి లేస్తోంది. ఎవరి చేయీ తగలకుండానే కాటా మీద అంకె రెండు వందల యాభై నుంచి గ్రాములో పదోవంతు తగ్గింది, కాసేపాగి ఇంకో పదోవంతు తగ్గింది.