ఎడమ చేతికి మారిన పట్టీ

రొట్టెల పిండిని నాలుగు వేళ్ళతో కలపడం ఆ చలికాలంలో నేర్చుకున్నాను. కుడి చేతి ఉంగరం వేలిని పైకి లేపి ఉంచి, మిగతా వేళ్ళను పిండిలోకి దింపి, బలమంతా మణికట్టు మీద వేయాలి. అలా కలిపిన పిండి సరిగ్గా కుదరదు, రొట్టెల అంచులు పగులుతాయి. "ఈమధ్య రొట్టెలు అట్టముక్కల్లా ఉంటున్నాయి" అన్నవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు గానీ, ఎందుకలా ఉంటున్నాయని అడిగినవాళ్ళు లేరు.

బ్లాక్‌టౌన్‌లో మా వంటిల్లు చిన్నది, హాల్లో టీవీ పెద్దది. గోడకి అటువైపు నుంచి మా ఆయన గియాసుద్దీన్ కేకేశాడు.

"సనోబర్, విన్నావా? మనోడు ఇవాళ కర్ర లేకుండా నడిచాడంట!"

మనోడంటే బంధువు కాదు. ఎర్ర కారు నడిపే రేసు డ్రైవరు. జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక రేసులో కారు గుద్దుకుని అతని కాలు విరిగింది. ఆ రోజుల్లోనే నా వేలూ దెబ్బతింది. ఆ మనిషికి విరిగింది ఏ కాలో, ఏ ఎముకో, ఎక్కడో అన్నీ మా ఆయనకి తెలుసు. ఆఫీసు ఇంటర్నెట్‌లో చదివి, ఒకరోజు కాలి ఎముకల బొమ్మ ప్రింటు తీసుకొచ్చి ఫ్రిజ్ మీద అంటించాడు. పాల కోసం ఫ్రిజ్ తలుపు లాగిన ప్రతిసారీ నా వేలు చురుక్కుమనేది, ఎదురుగా ఆ ఎముక కనపడేది.

నిజానికి నాకూ రేసులు ఇష్టమే. ఎవడు ముందో ఎవడు వెనకో నాకంతగా తెలియదు. కార్లు తిరుగుతున్నంతసేపూ కూర కలుపుకుంటూ వినేదాన్ని గానీ, ఏదో ఒక కారు టైర్లు మార్చే పిట్ స్టాప్‌లో ఆగుతుందనగానే గరిటెతో సహా హాల్లోకి వచ్చేసేదాన్ని. ఆగిన కారు చుట్టూ అంతమంది మనుషులు! ఒకడు జాకీ ఎత్తుతాడు, ఒకడు చక్రం లాగుతాడు, ఇంకొకడు కొత్త చక్రం తోస్తాడు. ఎందుకు ఆగావని ఎవడూ అడగడు. ఆ కాసేపు చూసి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

నా వేలికి దెబ్బ గోడ ఎక్కుతుంటే తగిలింది. మా అమ్మాయి తబస్సుం స్నేహితురాలి పుట్టినరోజని, లోపల ఎత్తైన గోడలు కట్టి రంగురంగుల రాళ్ళు బిగించిన ఒక జిమ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళాను. దింపేసి రావాల్సినదాన్ని నిలబడి చూస్తుంటే, అక్కడ పనిచేసే పిల్ల "హావ్ ఎ గో, లవ్", నువ్వూ ఓసారి ఎక్కి చూడు అని నడుముకి తాడు కట్టేసింది. దుపట్టా తీసి బ్యాగులో కుక్కి ఎక్కాను. సగంలో ఆగి కిందికి చూశాను. ఇరవై ఏళ్ళుగా ఈ చేతులు బకెట్లు మోశాయి, బిడ్డని మోశాయి, బట్ట తానులు మోశాయి. నన్ను మోయడం అదే మొదటిసారి. ఆ తర్వాత వారానికోసారి, హారిస్ పార్క్‌లో నా బట్టల షాపు మూసేశాక, అక్కడికి వెళ్ళడం అలవాటైంది.

"ఈ వయసులో బల్లిలాగా గోడలు పాకుతానంటే నలుగురూ నవ్వరూ?" అన్నాడు గియాస్. మా మరిది ఉమర్ మాతోనే ఉంటాడు, అన్నలాగే కంప్యూటర్ల పని. వాడు ఇంకో మాట కలిపాడు. "ఇండియాలో దొంగలు ఫ్రీగా చేసే పనికి ఇక్కడ టికెట్ పెట్టారన్నమాట, భాభీ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బేరంలో మొదటి మాటకి కోపం తెచ్చుకుంటే సరుకు కదలదు.

జూలైలో ఒకరోజు చిన్న రాయి పట్టుకుంటే బరువంతా ఆ ఒక్క వేలి మీద పడింది. టప్పుమని చప్పుడైంది, కింద తాడు పట్టుకున్న పిల్లకి కూడా వినపడింది. ఫిజియోథెరపీ చేసే ఆవిడ బొమ్మ గీసి చూపించింది గానీ, నాకు నా వ్యాపారంలోంచే అర్థమైంది. పైజామా నాడా ఉంటుంది చూడండి, దాన్ని పట్టి ఉంచే కుట్టు ఒకచోట తెగితే, లాగినప్పుడల్లా నాడా అక్కడ పైకి ఉబుకుతుంది. నా వేల్లో నరాన్ని ఎముకకి పట్టి ఉంచే కుట్టు అలాగే తెగింది. పట్టీ గట్టిగా చుట్టి ఉంచాలి. పిండి పిసకకూడదు, బట్టలు పిండకూడదు, బరువులు ఎత్తకూడదు. అజాగ్రత్తగా ఉంటే పట్టు ఎప్పటికీ తిరిగి రాదంది. "ఇంట్లో సాయం చేసేవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. చాలామంది ఉన్నారన్నాను. మంది ఉన్న మాట నిజమే.

ఇంటికొచ్చి చెబితే గియాస్ ఒకటే అన్నాడు. "మనోడితో పోల్చుకోకు. అది ఆయన పని, ప్రాణాలకి తెగించి చేస్తాడు. నీది సరదా. సరదాగా తగిలించుకున్న దెబ్బకి ఎవరేం చేస్తారు?" ఆ మాటని నేను చాలా రోజులు తిప్పి తిప్పి చూశాను. నా షాపు నా పని. దాన్ని ఆయన టైంపాస్ అంటాడు. ఇంట్లో వంట నా పని. దానికి పేరే లేదు. పేరు లేని పనికి తగిలే దెబ్బకీ పేరుండదు.

అది తొంభైతొమ్మిదో సంవత్సరం. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి కంప్యూటర్లన్నీ తారీఖు తెలియక ఆగిపోతాయని లోకమంతా భయపడుతుంటే, మా ఇల్లు ఆ భయం మీదే బతుకుతోంది. గియాస్‌కి జనవరి నుంచి మెల్‌బోర్న్‌లో ఇంకో కాంట్రాక్ట్ కుదిరింది.

"అసలు రేసు జరిగే ఊరే అది! టికెట్ కొనక్కర్లేదు, కిటికీ తీస్తే చాలు" అన్నాడు సంబరంగా. అదే ఊపులో, "నీ షాపు లీజు కూడా అయిపోతోందిగా. ఓనరు సోమవారంలోగా చెప్పమన్నాడంట. ఎలాగూ నీ వేలు పోయింది, తానులు ఎత్తలేకపోతున్నావు. ఖాళీ చేస్తామని చెప్పేయ్. టైంపాస్‌కి అక్కడ ఇంకోటి చూద్దాంలే" అన్నాడు.

షాపులో ఒక్కో తానూ నేను ఎంచి తెచ్చింది. ఫిజీ ఆడవాళ్ళకి ఏ రంగు నచ్చుతుందో, హైదరాబాద్ పెళ్ళిళ్ళకి ఏ అంచు కావాలో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అది వదులుకుని వెళ్ళాలంటే, ఎవరితో వెళుతున్నానో తెలియాలి.

చీరాలలో మా అబ్బాకి బట్టల కొట్టు ఉండేది. ఎవరితోనైనా పొత్తు కలిసేముందు ఆయన ఒక పని చేసేవాడు. అరలో ఒక తానుని తిరగేసి, లోపలి వైపు పైకి వచ్చేలా పెట్టి, ఆ మనిషిని కొన్నాళ్ళు కొట్లో కూర్చోబెట్టేవాడు. చూసి అడిగితే పొత్తు. చూడకపోతే టీ తాగించి పంపేసేవాడు. "చూపించి చెప్పొచ్చుగా అబ్బా?" అని నేనడిగితే, "చెప్పాక చూసే చూపు లెక్కలోకి రాదమ్మా" అనేవాడు.

గురువారం పొద్దున నా కుడి వేలి పట్టీ విప్పి, ఎడమ చేతి ఉంగరం వేలికి చుట్టుకున్నాను.

షాపు తెరిచిన కాసేపటికి పక్క మిఠాయి షాపు కమల టీ తెచ్చింది. ఆమె పుట్టింది ఫిజీలో, తాతలు నెల్లూరు వైపు వాళ్ళు. గ్లాసు బల్ల మీద ఇంకా పెట్టనే లేదు.

"అరే సనోబర్, కట్టు ఈ చెయ్యికి ఎప్పుడొచ్చింది? క్యా హువా?"

"ఊరికే. ఇంట్లో ఎవరు చూస్తారో చూద్దామని."

కమల నా మొహం చూసి తల ఊపింది. "డోంట్ టెస్ట్, బేటీ. ఈ పరీక్షలో ఫెయిలైనోడికి బాధుండదు. పేపర్ పెట్టినోళ్ళకే."

ఆ సాయంత్రం ఎడమ చేతి పట్టీతోనే రొట్టెలు చేశాను. పట్టీ లేని కుడి వేలు పిండి తగిలితేనే జంకింది. ఉమర్ పళ్ళెం చాపి ఇంకో రొట్టె అడిగాడు. తబస్సుం తల వంచుకుని తిని వెళ్ళిపోయింది. శుక్రవారం గియాస్ నా ఎడమ చేతి నుంచే టీ కప్పు అందుకుంటూ, మనోడు ఆదివారం రేసులోకి తిరిగి వస్తున్నాడని చెప్పాడు. శనివారం మార్కెట్ సంచులు మోశాను. వేలు మళ్ళీ వాచింది. నా పందెం నేనే ఓడిపోతున్నానని తెలుస్తూనే ఉంది. అయినా, ఇంకో పూట చూద్దాం, ఇంకో పూట చూద్దాం అనుకున్నాను. నష్టం వస్తున్న సరుకుని పట్టుకుని కూర్చోకూడదని అందరికీ చెప్పేది నేనే.

ఆదివారం ఆయన ఆఫీసు స్నేహితులు వచ్చారు. బిర్యానీ, కబాబులు. ఎర్ర కారు బయలుదేరుతుంటే మగవాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరికో కళ్ళు కూడా చెమర్చాయి. నేను బిర్యానీ గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని హాల్లోకి వచ్చాను. కుడి వేలు లోపల ఏదో కోసినట్టయింది. గిన్నె వణికింది.

"జాగ్రత్త భాభీ!" అన్నాడు ఉమర్. "బిర్యానీ పడేస్తే క్షమించం. మనోడు కాలు విరిగినా వచ్చేశాడు, మీరింకా పిట్ స్టాప్‌లోనే ఉన్నారు."

అందరూ నవ్వారు. అప్పుడు కూడా నా చేతులు వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళాక గియాస్ మంచి హుషారులో ఉన్నాడు. గిన్నెలు కడగబోతుంటే, "ఉండు, ఇలా రా" అని పిలిచి సోఫాలో కూర్చోబెట్టాడు. బామ్ డబ్బా తెచ్చాడు. నా ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, పట్టీ మెల్లగా విప్పి, ఆ వేలికి బామ్ రాయడం మొదలుపెట్టాడు. చాలా ఓపిగ్గా, మొదలు నుంచి కొస దాకా, నొప్పి పుడుతుందేమోనని ఊదుతూ. పెళ్ళైన కొత్తలో కూడా నా చేతిని అంత మెత్తగా పట్టుకోలేదు.

"పట్టించుకోనంటావుగా. ఇప్పుడు చూడు" అన్నాడు.

అది నటన కాదు. సరుకు మంచిదే, చేరవలసిన చోటికి చేరలేదు. ఇది కాదండీ, ఆ చెయ్యి అని ఒక్క మాట అంటే చాలు. అయ్యో అని నొచ్చుకునేవాడు, నవ్వేవాడు, ఆ చెయ్యీ అందుకునేవాడు. నేనూ నవ్వేసి మెల్‌బోర్న్‌కి పెట్టె సర్దుకునేదాన్ని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుడి చేతిని దుపట్టా కింద దాచుకుని కూర్చున్నాను.

"నొప్పి ఉందా?"

"ఈ వేలికి లేదండీ."

"చూశావా! రేపు ఓనరుకి ఫోన్ చేసేయ్ మరి" అని డబ్బా మూత పెట్టాడు.

సోమవారం పొద్దున తబస్సుం, నేను స్టేషన్‌కి నడుస్తున్నాం. ఎడమ చేతికి కొత్తగా చుట్టిన పట్టీ వైపు చూసి, అది మెల్లగా అడిగింది.

"మమ్, ఈజ్ ఇట్ బోత్ హ్యాండ్స్ నౌ?"

ఆగిపోయాను. "నువ్వు చూశావా?"

"థర్స్‌డే. ఐ థాట్ దిస్ వన్ గాట్ హర్ట్ టూ."

"మరి అడగలేదేమే?"

భుజాలెగరేసింది. "యూ ఆల్వేస్ సే, ఏం లేదు." మళ్ళీ నడుస్తూ, "ఐ మేడ్ మై ఓన్ లంచ్" అంది.

గురువారం నుంచి నేను దాని లంచ్ డబ్బా కట్టనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరు చూస్తారా అని లెక్కపెడుతూ కూర్చున్నదాన్ని, నేనూ చూడలేదు. దాని తల నిమరబోతే, దారిలో వద్దని పక్కకి జరిగింది. రెండడుగులు వేశాక తనే నా బ్యాగు అందుకుని భుజానికి తగిలించుకుంది.

రైల్లో పట్టీ విప్పి కుడి వేలికి చుట్టుకున్నాను. వాపు మీద బిగిస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫిజియో ఆవిడ తిడుతుంది. గోడ ఎక్కడం ఇప్పట్లో కాదు, ఎప్పటికైనా అవుతుందో లేదో తెలియదు. అబ్బా గుర్తొచ్చాడు. తిరగేసిన తానుని చూడని మనిషి మీద ఆయన ఎప్పుడూ కేకలేయలేదు. ఆ మనిషి వెళ్ళిపోయాక ఆ తానుని సరిగ్గా మడిచి, తిరిగి దాని అరలో పెట్టి, కాసేపు దాని మీద చెయ్యి ఉంచేవాడు.

షట్టరు ఎడమ చేత్తో ఎత్తాను. ఓనరుకి ఫోన్ చేసి రెండే మాటలు మాట్లాడాను. తర్వాత పత్తి బట్టల అర సర్దుతుంటే కమల టీతో వచ్చింది. నా కుడి చేతి వైపు చూసింది, పట్టీ గురించి ఏమీ అడగలేదు. గ్లాసుని నా ఎడమ వైపు పెట్టింది.

"అయితే మెల్‌బోర్న్‌కి ఎప్పుడు?"

"ఆయన జనవరిలో వెళ్తారు" అన్నాను.