ఎడమ చేతి స్వరాలు

మైనం కరిగింది. లియోకాడియో బరేరా పొయ్యి మంట తగ్గించి, చెంచా కొసతో ఒక బొట్టు తీసి బొటనవేలి గోరు మీద వేసుకున్నాడు. జారకుండా నిలబడితే పదును కుదిరినట్టు. నిలబడింది. చెక్క దిమ్మె మీది గాడిలో, గాలికి అదిరి స్వరం పలికే లోహపు పలక, ఒక రీడు పెట్టి, దాని అంచుల చుట్టూ మైనం పోశాడు. ఇంకా పదకొండు ఉన్నాయి. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. మార్లా కుబేనా పదకొండుకి వస్తానంది.

ఆయనకు డెబ్బయ్యారేళ్లు. పొట్టి మనిషి. ముంజేతుల మీద పాత గాట్ల మచ్చలు, కళ్లజోడు ఒక కాడకు చుట్టిన రాగి తీగ. ముప్పై నాలుగేళ్లు పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ పని కడుపు కోసం. ఇంటి వెనక ఈ రేకుల షెడ్డులో అకార్డియన్లు బాగుచేసే పని మనసు కోసం. రాబ్స్‌టౌన్ ఊరి చుట్టూ నలభై మైళ్లలో ఏ పెళ్లిలో అకార్డియన్ మోగినా, అది ఒక్కసారైనా ఈ బల్ల మీద పడుకుని లేచిందే. ఇంతా చేసి, ఆయనకు ఒక్క పోల్కా నాట్యపు పాట కూడా మొదటినుంచి చివరిదాకా వాయించడం రాదు. నాట్యశాలల గడప తొక్కే మనిషి కూడా కాదు.

బల్లకు పైన, అటక పొడవునా కాఫీ డబ్బాలు వరసగా ఉన్నాయి. స్పానిష్ మాట్లాడే మావాళ్ల అకార్డియన్ కుడిచేతి వాయిద్యం. ఎడమవైపు మంద్ర స్వరాల మీటలు ఉంటాయి గాని వాటిని ఎవరూ ముట్టరు. ఆ పని పక్కన నిలబడి పన్నెండు తీగల మంద్ర గిటారు, బాహో వాయించేవాడిది. వాయించని స్వరాలను భుజాన మోయడమెందుకని, కొత్త పెట్టె కొన్నవాడు ముందుగా చేసే పని ఎడమవైపు రీడ్లు పీకించెయ్యడం. లియోకాడియో వాటిని డబ్బాలో వేసి, పేరు రాసి అటకెక్కిస్తాడు. నలభై ఏళ్లలో ఎవరూ తిరిగి అడిగిన పాపాన పోలేదు.

ఈరోజు కిందికి దిగిన డబ్బా మీద మాత్రం పేరుతో పాటు ఇంకో మాట కూడా ఉంది. ‘కుబేనా’ అని రాసి, దాని కింద ‘తిరిగి ఇవ్వాలి’ అని కూడా రాసి ఉంది.

ముప్పై ఏడేళ్ల కిందట అల్బిన్ కుబేనా అనే పత్తి రైతు, కుడివైపు మీట ఒకటి అతుక్కుపోయిందని తన అకార్డియన్ తెచ్చిచ్చాడు. ఆయన పూర్వీకులు చెక్ దేశం నుంచి వచ్చి ఇక్కడి నల్లరేగడిలో స్థిరపడ్డవాళ్లు. వాళ్లూ పోల్కాలే వాయిస్తారు గాని రెండు చేతులతో వాయిస్తారు. అది లియోకాడియోకు తెలియక కాదు. మీట బాగుచేశాడు, చెయ్యి తన దారిన తాను పోయి ఎడమవైపు రీడ్లన్నీ పీకేసింది. అలవాటులో పొరపాటు అంటే ఇదే. కుబేనా వచ్చి, ఆ మీట ఒక్కటీ నొక్కి చూసుకుని పట్టుకెళ్లిపోయాడు. వారం తర్వాత డబ్బా మీద పేరు రాస్తుంటేగాని తను చేసిందేమిటో లియోకాడియోకు తెలిసిరాలేదు.

ఆ ఆదివారమే వెళ్లి ఇచ్చేద్దామనుకున్నాడు. మిల్లులో జిన్నింగ్ సీజను మొదలైంది. తర్వాత సిగ్గు మొదలైంది. ఏటా పత్తి ట్రక్కుతో కుబేనా మిల్లుకు వచ్చేవాడు, తల ఊపేవాడు, ఆ మాట ఎత్తేవాడు కాదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. నా మూలంగా పెద్దాయన వాయించడమే మానేశాడు కాబోలని లియోకాడియో మనసు పీకుతూనే ఉంది. ఆరేళ్ల కిందట కుబేనా పోయాడు. లియోకాడియో తన భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఒఫీలియా నోట్లో నువ్వుగింజ నానదు.

మొన్న కుబేనా మనవరాలు మార్లా వచ్చి ఒక పెట్టె బల్ల మీద పెట్టి, “శ్రుతి సరిచెయ్యండి చాలు” అని వెళ్లింది. మూత తెరవగానే ఏ పెట్టో తెలిసిపోయింది.

తలుపు కిర్రుమంది. గుడ్డూ బీన్సూ చుట్టిన తోర్తియా రొట్టెలు పళ్లెంలో పెట్టుకుని ఒఫీలియా లోపలికొచ్చింది.

“రెండ్రోజుల్నించి ఆ పెట్టెని వదలట్లేదు. నన్నెప్పుడైనా అంతసేపు చూశావా ముసలాడా?”

“నిన్ను శ్రుతి చెయ్యడం నా వల్ల కాలేదు. అందుకే దీని మీద పడ్డా.”

“శ్రుతి తప్పిన మొగుణ్ణి యాభై ఏళ్లు భరించిందెవరంట?” అని, ఆయన ఎడమ భుజం రుద్దుకోవడం చూసి ఆగింది. “మళ్లీ లాగుతోందా? రేపు డాక్టరు దగ్గరికి పోదాం.”

“రేపు చూద్దాంలే. ముందు ఇది పూర్తవ్వాలి.”

ఒక తోర్తియా తిని, రెండోది చల్లారబెట్టి, మిగతా రీడ్లన్నీ అతికించాడు. ఒక్కోదాన్నీ ఆకురాయితో ఒక గీటు గీసి, పెదవుల దగ్గర పెట్టుకుని ఊది, మళ్లీ గీశాడు. దిమ్మెలు బిగించి తిత్తి మూసేసరికి పదకొండుకి అయిదు నిమిషాలు. చొక్కా మార్చుకున్నాడు. కస్టమరు కోసం ఆయన చొక్కా మార్చుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మార్లా పికప్ ట్రక్కు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. నలభై ఏళ్ల పొడుగాటి మనిషి, తాతగారి బూడిదరంగు కళ్లు. పల్లె పాటలు తనే రాసి తనే పాడుతుంది. ఇప్పుడు చేస్తున్న ఆల్బమ్‌లో తెల్లవాళ్ల కౌబాయ్ పాటలూ మా పోల్కాలూ కలిసిపోయాయని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇంకొక్క పాట మిగిలింది. దాన్ని ఇవాళ సాయంత్రం, తాత వాయించిన పాత హాల్లోనే రికార్డు చేస్తారు.

ఆమె పెట్టె భుజాన వేసుకుని కుడిచేత్తో నాలుగు వరసలు వాయించింది. ముఖం విప్పారింది.

“అచ్చం తాత ఇంట్లో ఉన్నట్టుంది డాన్ లియో,” అంది, పెద్దవాళ్లను గౌరవంగా పిలిచే మాటతో.

“ఎడమవైపు నొక్కమ్మా.”

“అక్కడేం లేదుగా?”

“నొక్కి చూడు.”

నొక్కింది. షెడ్డు రేకులు అదిరేలా మంద్రస్వరం లేచింది. మార్లా ఉలిక్కిపడి వేలు తీసేసింది. లియోకాడియో ఆమె నవ్వు కోసం చూశాడు. నవ్వు రాలేదు.

“ఇదెక్కణ్ణుంచి వచ్చింది?”

లియోకాడియో టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. “నేనే పీకానమ్మా. ముప్పై ఏడేళ్లయింది. మావాళ్ల పెట్టెలకు చేసే అలవాటులో పీకేశాను. మీ తాతకి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇవాళ మళ్లీ పెట్టాను. ఆలస్యమైందని తెలుసు.”

మార్లా పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“అయితే ఆ దొంగ మీరేనా! తాత పేరు చెప్పేవాడు కాదు. నాకప్పుడు మూడేళ్లు. మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్న కథ ఇది. మా మేనత్త పెళ్లిలో, నిండు హాల్లో తాత పోల్కా ఎత్తుకున్నాడు. ఎడమచెయ్యి నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. చెక్ భాషలో ఉన్న బూతులన్నీ తిట్టాడంట. మా పొలంలో ట్రాక్టరు నడిపే చోన్ సలీనాస్ అప్పుడు వంటల దగ్గర ఉన్నాడు. ట్రక్కులోంచి తన బాహో తెచ్చి తాత పక్కన నిలబడ్డాడు. ‘మీరు పైన వాయించండి దొరా, కింద నేను చూసుకుంటా’ అన్నాడు. తెల్లారేదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదంట ఇద్దరూ.”

“వాయించడం మానెయ్యలేదా?”

“మానెయ్యడమా! ముప్పై ఏళ్లు ప్రతి శనివారం, మావాళ్ల హాల్లో. చోన్ మా బల్ల దగ్గర మాతో కూర్చుని అన్నం తిన్నది ఆ తర్వాతే. నేను పాట నేర్చుకుంది వాళ్లిద్దరి మధ్యలో కూర్చునే. ఈ ఆల్బమ్ అంతా అదే డాన్ లియో. ఇంకేం లేదు.”

“మరి రీడ్లు ఎందుకు అడగలేదు? ఏటా మిల్లులో కనపడేవాడే.”

“నానమ్మ అదే పోరేది, వెళ్లి తెచ్చుకోమని. తాత ఒకటే అనేవాడు: ‘ఎడమచెయ్యి పలికితే చోన్ ఇంటికెళ్లిపోవాలిగా.’”

లియోకాడియో స్టూలు మీద కూర్చున్నాడు. ముప్పై ఏడేళ్లు తను తప్పు అనుకుని మోసినదాన్ని, అవతల ఇద్దరు మనుషులు ఆనందంగా వాడుకున్నారు. ఆయనకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఆకలి కూడా వేసింది.

“సాయంత్రం బాహో వాయించేది చోన్ కూతురు,” అంది మార్లా మెల్లగా. “ఏమీ అనుకోకపోతే...”

“పీకెయ్యమంటావు.”

“పీకెయ్యండి.”

“పొద్దున్నుంచి ఒళ్లు హూనం చేసుకుని పెట్టానే!” అని కసిరాడు గాని, చెయ్యి అప్పటికే మరలు విప్పుతోంది. పెట్టడానికి పూట పట్టినవి పీకడానికి పావుగంట పట్టలేదు. ఒక్కోటీ డబ్బాలో పడుతుంటే మార్లా లెక్క తప్పకుండా వింది.

వెళ్లబోతూ ఆగింది. “ఆల్బమ్ మీద మీ పేరు వెయ్యాలి. ఏమని వెయ్యను?”

“నేనేం వాయించానని?”

ఆమె ఆయన పెన్సిలు తీసుకుని ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టింది. ‘ఎడమ చెయ్యి: లియోకాడియో బరేరా.’

ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వంటింట్లోకి వెళ్లి జరిగిందంతా ఒఫీలియాకు చెప్పేశాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

“ముప్పై ఏడేళ్లు నా దగ్గర దాచావా!”

“నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే.”

“ఇప్పుడు మాత్రం చెప్పనా ఏంటి? నువ్వు పడుకో, నేను పక్కింటికెళ్లొస్తా,” అంది, ఆప్రాన్ విప్పుతూ.

ఆయనకు మధ్యాహ్నం కునుకు లేనిదే గడవదు. షెడ్డుకి తిరిగొచ్చి, పెన్సిలుతో డబ్బా మీద ఒక గీత గీశాడు. పాత కుర్చీలో వెనక్కి వాలి, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. రేడియోలో ఎవరో వాయిస్తున్నారు. ఆ అకార్డియన్ తనే శ్రుతి చేశాడని గుర్తుపట్టి, ఒక్క నవ్వు నవ్వి కళ్లు మూసుకున్నాడు.

మూడింటికి ఒఫీలియా కాఫీ తెచ్చింది. “లే, ఎడమచేతి విద్వాంసుడా! వీధంతా తెలిసిపోయింది,” అంది. ఆయన లేవలేదు. ఊపిరి లేదు. కప్పు కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు అక్కడే, నేల మీద కూర్చుండిపోయింది. ఆయన మొహంలో నొప్పి పడ్డ జాడ లేదు. ఆమెకు అదొక్కటే ఓదార్పు.

రేడియో పాడుతూనే ఉంది. బల్ల మీద డబ్బా మూత తెరిచే ఉంది. ‘తిరిగి ఇవ్వాలి’ అన్న మాటల మీద పెన్సిలు గీత పడి కుబేనా అన్న పేరొక్కటే మిగిలింది, లోపల రీడ్లకు అంటుకున్న మైనం షెడ్డు రేకుల వేడికి ఇంకా మెత్తగానే ఉంది.