నోటికి ఏమీ వద్దు

పొద్దున్నే నాంచారమ్మ దాహం మంచం దిగి, పక్కనున్న స్టూలు మీద కూర్చుంటుంది.

డ్యూటీకొచ్చిన సిస్టర్ సువార్త దాన్ని చూస్తుంది, కానీ లేపదు. ఆ స్టూలు రోగి తరఫు మనిషి కోసం వేసింది, నాంచారమ్మకి తోడుగా ఎవరూ రాలేదు. దాహం అచ్చం నాంచారమ్మలాగే ఉంది, వయసు కాస్త తక్కువ, అంతే. వీపున నాడాలు కట్టే అదే ఆకుపచ్చ గౌను. పెదాలు మాత్రం ఎండుమిరప తొక్కల్లా ముడుచుకుపోయి ఉన్నాయి.

"కాళ్ళు పైకి పెట్టుకో, తడిగుడ్డ పెడుతున్నారు," అంటుంది సువార్త.

దాహం కాళ్ళు పైకి పెట్టుకుని తడినేల వైపు చూస్తుంది. నేల ఆరిపోతుంది.

నాంచారమ్మ మిర్చి యార్డులో కాయలకి తొడాలు తీసే మనిషి. పిత్తాశయంలో రాళ్ళు. ఈ రోజు మొదటి ఆపరేషన్ ఆమెదే. నిన్నా ఆమెదే. నిన్న రోజంతా కడుపు మాడ్చి, సాయంత్రం "రేపు చూద్దాం" అని ఓ ఇడ్లీ పెట్టి, మళ్ళీ మంచానికి బోర్డు తగిలించారు: నోటికి ఏమీ వద్దు. తగిలించింది సువార్తే. సబ్బునీళ్ళు పోసి వేళ్ళ నుంచి మెట్టెలు జార్చిందీ సువార్తే. తాళి తియ్యనని మొండికేస్తే, సూత్రాల్ని భుజం మీదికి జరిపి ప్లాస్టర్ అంటించిందీ సువార్తే.

"సిస్టరమ్మా, నాలిక అంగిట్లో అతుక్కుపోయింది," అంటుంది నాంచారమ్మ. "ఒక్క చుక్క పోస్తే నీ సొమ్మేం బోద్ది?"

"నా సొమ్ము పోదు, నీ ప్రాణం పోద్ది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుద్ది."

"కడుపులో ఏవుందని తన్నుద్ది? నిన్న పెట్టిన ఇడ్లీ కూడా నామీద అలిగి ఎల్లిపోయింది."

స్టూలు మీద దాహం నవ్వుతుంది. నవ్వితే పెదవి చిట్లుతుంది.

అప్పుడే థియేటర్ నుంచి ఫోన్. మొదటి కేసు మారిందట. ఎవరో పెద్దాయన తోడల్లుడికి హెర్నియా, డాక్టర్ విశ్వమోహన్ గారు ముందు ఆయన్ని తీసుకుంటారట.

"అయితే మా పేషెంటుకి కాసిని మంచినీళ్ళన్నా ఇవ్వనివ్వండి," అంటుంది సువార్త. "ఆమెనెప్పుడు తీసుకుంటారో చెప్తే దానికి తగ్గట్టు ఆపేస్తాను."

"బోర్డు పెట్టమన్నది సారు. తియ్యమనాల్సిందీ సారే."

"సారెక్కడ?"

"చేతులు కడుక్కోబోతున్నారు."

సువార్తకి కోపం వస్తుంది. ఈ ఆసుపత్రిలో సిస్టర్లు కోపాన్ని ఒంటి మీద ఉంచుకోకూడదు, రోగులకి అంటుకుంటుంది. అందుకని మెడ దగ్గర్నుంచి మెల్లగా విప్పి, నలుచదరంగా మడిచి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, టేపు వేసి, కత్తులూ కత్తెరలూ ఆవిరి పట్టే ఆటోక్లేవ్‌లో పెడుతుంది. టేపు మీద గీతలు నల్లబడితే లోపల ఏ క్రిమీ బతికి లేనట్టు లెక్క. ఆమె కోపం మీద గీతలు బొగ్గులా వస్తాయి. తీసి అరలో పెట్టి, వార్డుకి తిరిగొస్తుంది.

స్టూలు ఖాళీగా ఉంది. అలమారాలో సెలైన్ సీసాలు మూతలు ఊడకుండానే ఖాళీ అయిపోయాయి. బకెట్లో నీళ్ళు లేవు. తడిగుడ్డ పెట్టే ఆయమ్మ టీగ్లాసులో ఆకుపొడి మాత్రం మిగిలింది. ఒక్కో గుటకకీ దాహం పొడవు పెరుగుతోంది. ఇప్పుడు అది తలుపు దగ్గర వంగి, నడుం పట్టుకుని, బయటికి దాటుతోంది. ఎవరూ ఆపరు. గౌను వేసుకున్న వాళ్ళని ఎక్కడికని అడిగే అలవాటు ఇక్కడ లేదు.

"నా దాహం యాడికి బోయింది?" అంటుంది నాంచారమ్మ.

"థియేటర్‌కి."

"నాకన్నా ముందా? దానికేం రోగమొచ్చింది?"

సువార్త అరలోంచి తన మూట తీసుకుని వెనకాలే వెళుతుంది.

థియేటర్లో డాక్టర్ విశ్వమోహన్ మోచేతుల దాకా సబ్బు పూసుకుని కొళాయి ముందు నిలబడి ఉన్నారు. కొళాయి పొడిగా ఉంది. దాహం గోడకి ఆనుకుని కూర్చుని, పైపు నోట్లో పెట్టుకుని ఉంది. దాని తల సీలింగుకి తగులుతోంది. తోడల్లుడు బల్ల మీద పడుకుని, దీపం కేసి చూస్తూ ఏమీ ఎరగనట్టున్నాడు.

"సిస్టర్, ఇదెవరి దాహం?"

"మీదే సార్. మీరు పెట్టమన్నదే."

"ఆ పేషెంటుకో గ్లాసు నీళ్ళు పట్టి పడుకోబెట్టండి. రేపు చూద్దాం."

"రేపు ఇది ఇంకా పెద్దదై వస్తుంది సార్. అప్పుడు కాలవ కూడా చాలదు. ఆపరేషన్ చేస్తేనే పోతుంది."

"చెయ్యాలంటే చేతులు కడగాలి. కడగాలంటే నీళ్ళు కావాలి. నీళ్ళు దీని పొట్టలో ఉన్నాయి."

అది నిజమే, సువార్త ఒప్పుకుంటుంది. ఒప్పుకుని మూట విప్పుతుంది, లోపలి వైపు వేలు తగలకుండా, కొసలు ఒక్కొక్కటే బయటికి వాలుస్తూ. కోపం పల్చగా, తేటగా, గోరువెచ్చగా ఉంది. ఆయన చేతుల మీద పోస్తుంది. సబ్బు దిగిపోతుంది. గదంతా మిరప ఘాటు కమ్ముతుంది. ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రబడతాయి.

"మండుతోంది సిస్టర్."

"క్రిములుండవు సార్."

తోడల్లుడు తుమ్మి, తుమ్మి, తనంతట తనే బల్ల దిగి, పిలిచినప్పుడే వస్తానని బయటికెళ్ళిపోతాడు.

సువార్త నాంచారమ్మని స్ట్రెచర్ మీద తోసుకొస్తుంది. మాస్కు పెట్టేదాకా చెయ్యి వదలదు. "నా వంతేనా?" అంటుంది నాంచారమ్మ, సగం మత్తులో. "నీ వంతే. ఇంకెవరిదీ కాదు," అంటుంది సువార్త. డాక్టర్ మండే చేతులతో చాలా శుభ్రంగా, చాలా త్వరగా కోస్తారు. తీసిన రాళ్ళని సువార్త ట్రేలో పడేస్తుంటే, ఒక్కో రాయీ గుటక వేస్తుంది.

తర్వాత, తెలివొచ్చే గదిలో, సువార్త ఆమె తల ఓ పక్కకి తిప్పి, చెంప మీద తట్టి పిలుస్తుంది. "నాంచారమ్మా, నాలిక బయట పెట్టు." నాలిక బయటికొస్తుంది. దాహం మంచం పక్కకొచ్చి వంగి, తన నోట్లోంచి ఒక్క చుక్క కట్లు కట్టే గాజుగుడ్డ మీద వదులుతుంది. సువార్త ఆ తడిగుడ్డతో పెదాలు అద్దుతుంది. అద్దిన కొద్దీ దాహం చిక్కుతుంది, మనిషంత, గ్లాసంత, చివరికి బియ్యపుగింజంత అయి, పెదవి దాటి లోపలికి జారుతుంది. ఆసుపత్రి మొత్తం కొళాయిలు దగ్గుతాయి. నీళ్ళొస్తాయి.

డాక్టర్ విశ్వమోహన్ చేతులు పైకెత్తి పట్టుకుని కొళాయి కొళాయికీ తిరుగుతున్నారు. ఆయన వెళ్ళేసరికి ప్రతిదీ ఆగిపోతుంది.

"సిస్టర్, కాసిని నీళ్ళు. మంట తట్టుకోలేకపోతున్నాను."

"ఆర్డర్ నాది కాదు సార్. ఇచ్చిన వాళ్ళే తియ్యాలి."

"ఎవరిచ్చారు?"

"చేతులు కడుక్కోబోతున్నారు."

ఆయన వెళ్ళి వార్డులో ఖాళీ స్టూలు మీద కూర్చుంటారు, చేతులు రెండూ అలాగే గాల్లో పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని.

సువార్త ఖాళీ గుడ్డ పెట్టేద్దామని ఆటోక్లేవ్ దగ్గరికి వెళుతుంది. అర నిండా ఆకుపచ్చ మూటలు, ఇక్కడ పనిచేసిన సిస్టర్లందరివీ, ఇన్నేళ్ళూ ఎవరూ విప్పనివి. గీతలన్నీ నల్లగా ఉన్నాయి. అన్నీ మెల్లగా ఊపిరి తీసుకుంటున్నాయి. అడుగున ఉన్నదాన్ని ఎత్తుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డంత వెచ్చగా ఉంది. గుడ్డ మడతలోంచి ఓ చిన్న నోరు తెరుచుకుని, ఆమె యూనిఫాం బొత్తాం కోసం వెతుకుతుంది.

దాని మెడలో బోర్డు ఏమన్నా ఉందేమోనని సువార్త అటూ ఇటూ తిప్పి చూస్తుంది. లేదు. గోడకి చేరగిలబడి కూర్చుని, దానికి పాలిస్తుంది. మిగతా మూటలు ఒక్కొక్కటే అర దిగి, వరస కడతాయి.