ఎదురుగాలి వంతు

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని మిసావో గట్టిగా ఒక్క దులుపు దులిపింది. అవతలి కొసలు చిజురు అందుకుంది. ఇద్దరూ ఒకేసారి ఒక అడుగు ముందుకు వేసి, తడి అంచును ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్యకి అందించారు. రోలర్లు దాన్ని లోపలికి లాక్కుంటుండగానే ఇద్దరి చేతులూ తర్వాతి దుప్పటి మీద పడ్డాయి. బయట నవంబరు చలి. లోపల ఆవిరికి చిజురు నుదుటి జుట్టు అట్టలు కట్టి అంటుకుపోయింది.

దుప్పటి అందించిన ప్రతిసారీ మిసావో మునివేళ్ళ మీద పైకి లేచి మెల్లగా దిగుతోంది.

"అక్కా, రోలరు ముందు కూడా పరుగేనా?"

"పిక్కలకి మంచిది."

"మా ఆయన పిక్కలు చూస్తే నాకు జాలేస్తుంది. నీవి చూస్తే భయమేస్తుంది. ఏదో రోజు నన్ను తన్నావంటే నది అవతల పడతాను."

మిసావో నవ్వింది. ఆమె నవ్వినా పెద్దగా వినిపించదు. మనిషి మాత్రం ఎక్కడున్నా కనిపిస్తుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికంటే ఎత్తు. ఎత్తుకి తగ్గ భుజాలు. చిన్నప్పుడు తల్లి ఆమె వీపు రుద్దుతూ, "తలుపు రెక్కకి సబ్బు రాస్తున్నట్టుందే," అని విసుక్కునేది. బడి ఫొటోలన్నింటిలోనూ ఆమె చివరి వరసలో మోకాళ్ళు వంచి నిలబడి ఉంటుంది. ఆ వీపు ఉంది కదా అని, మంచాన పడిన అత్తగారిని లేపడం, కూర్చోబెట్టడం, వేడినీళ్ళ తొట్టెలోకి దించి మళ్ళీ ఎత్తడం, అన్నీ ఆమె మీదే పడ్డాయి. ఆడపడుచులు పండ్లు తెచ్చి, పక్కన కూర్చుని ఏడ్చి వెళ్ళేవాళ్ళు. అలా ఎనిమిదేళ్ళు. అత్తగారి అంత్యక్రియలైన మర్నాడు మిసావో ఇంట్లో ఊపిరాడనట్టై నది కరకట్ట ఎక్కింది. నడిచింది. నడుస్తూ నడుస్తూ, ఎవరూ లేరని చూసుకుని, పరిగెత్తింది. అప్పటికి ఆమెకి యాభై దగ్గర పడుతోంది.

"మధ్యాహ్నమేనా మీ పరీక్ష పరుగు?" అంది చిజురు.

"ఒంటిగంటకి."

"అమ్మగారు నిజంగానే నీకు ముందు పరిగెడతారంటావా?"

"మాటిచ్చారు."

చిజురు దుప్పటి కొస వెతుక్కుంది.

అమ్మగారంటే లాండ్రీ యజమాని భార్య కజితాని. కరకట్ట మీద పరిగెత్తే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద కూడా ఆవిడే. సన్నగా, చిన్నగా, యాభై దాటినా పక్షిలా ఉంటుంది. వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నమయ్యేసరికి కొండ మీంచి గాలి దిగుతుంది. ఆ గాలికి ఎదురుగా పరిగెత్తేటప్పుడు ఒకరి వెనక ఒకరు వరసగా వెళ్ళడం, ముందున్న మనిషి అలిసిపోగానే పక్కకి జరిగి చెయ్యి ఊపడం, వెనకామె ముందుకొచ్చి ఆ వంతు తీసుకోవడం సంఘం మర్యాద. మిసావో చేరాక ఆ మర్యాద మీద దుమ్ము పేరుకుంది. అంత వీపు ముందుండగా వంతులెందుకు? "మిసావోగారు మా గోడండీ," అని కజితాని అందరికీ చెబుతుంది. మెచ్చుకుంటూనే చెబుతుంది.

కిందటేడు పోటీలో కజితాని మొదటిసారి రెండు గంటల్లోపు సగం మారథాన్ పూర్తి చేసింది. దారి పొడవునా మిసావో వెనకే ఉండి, గమ్యం కనబడగానే పక్కనించి దాటి వెళ్ళిపోయింది. మిసావో గీత దాటేసరికి రెండు గంటలు అప్పుడే దాటాయి. ఆ సర్టిఫికెట్టు ఇప్పుడు లాండ్రీ ముందుగదిలో అద్దం కట్టి ఉంది. ఆ రోజు గమ్యం దగ్గర, రొప్పుతూ, అందరూ వింటుండగా కజితాని మిసావో రెండు చేతులూ పట్టుకుంది. "వచ్చే ఏడు మీ వంతు. నేను ముందు పరిగెత్తి మిమ్మల్ని లాక్కెళతాను. మాట!"

మిసావో ఆ మాటని ఏడాది పొడవునా మోసింది. పొద్దున్నే పనికి వెళ్తూ ఒక కరెంటు స్తంభం దాకా ఉరికేది, తర్వాతి స్తంభం దాకా మెల్లగా వెళ్ళేది. వాన పడితే ముసుగు వేసుకుని ఉరికేది. మొగుడు షోయిచి లారీ నడిపి నడిపి నడుం పోగొట్టుకుని టీవీ ముందు స్థిరపడ్డవాడు. ఆమె బూట్లు తొడుక్కుంటుంటే, "ఎవరు తరుముతున్నారే నిన్ను?" అనేవాడు. రోజూ అదే మాట, రోజూ కొత్తగా నవ్వుకుంటూ. ఆమె లేసు బిగించి బయటపడేది. రెండు గంటల్లోపు. ఒక్కసారి. ఆ కోరిక బయటికి చెబితే ఎంత చిన్నగా వినిపిస్తుందో ఆమెకి తెలుసు.

పన్నెండింటికి పని దిగి, లోపల పుల్లటి ఊరగాయ కూరిన అన్నం ముద్ద ఒకటి నిలబడే తిని, మిసావో కరకట్టకి వెళ్ళింది. తూము పక్కన రేకుల గదిలో సంఘం వాళ్ళు బట్టలు మార్చుకుంటారు. ఒకప్పుడు బడిలో ఆటలు నేర్పిన నగసే మాస్టారు బయట బల్ల మీద కూర్చుని స్టాప్‌వాచీ మెడలో వేసుకుంటున్నాడు.

"ఏమ్మాయ్, కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి మాస్టారూ."

"ఈ ఏడు అవుతుందిలే నీకు. స్తంభాల దగ్గర చూశాను నిన్ను. జింకలా ఉన్నావు." తలెత్తి ఆమె ఎత్తు చూసి, "కాస్త పెద్ద జింక," అన్నాడు.

కజితాని గులాబీరంగు చొక్కా వేసుకుని, బూటు లేసు బిగించుకుంటోంది. మిసావోని చూడగానే ముఖమంతా నొచ్చుకున్నట్టు పెట్టింది.

"మిసావోగారూ, ఎలా చెప్పాలో తెలీడం లేదండీ. వచ్చే ఆదివారం పోటీ కదా. బయటూళ్ళ వాళ్ళంతా వస్తారు. ఈసారి మనం దుప్పట్లు ఉతికే సత్రాలన్నీ నిండిపోయాయి. ఆ ఒక్కరోజూ దుప్పట్లు రెండింతలు. మీరు లేకపోతే అవదని మా ఆయన..."

మిసావో నిలబడిపోయింది.

"నేను చాలా చెప్పానండీ ఆయనకి. చిజురు ఒక్కతీ ఏం చేస్తుంది చెప్పండి? అందుకే నేనొకటి అనుకున్నాను. ఇవాళే మీ పోటీ అనుకోండి. దూరం అదే. మాస్టారు గడియారం ఉంది. నేనిచ్చిన మాట ఇవాళే తీర్చేసుకుంటాను. నేనే ముందు. సరేనా?"

పక్కన ఎవరో చప్పట్లు కొట్టారు. మిసావో తలూపింది. ఆమె తల అలా ఊగడానికి అలవాటుపడింది.

మాస్టారు చెయ్యి దించాడు. కదిలారు. ముందు దిగువకి, ఇనపవంతెన దాకా. అక్కణ్ణుంచి వెనక్కి. కజితాని అందరికంటే ముందుంది. మాట తప్పలేదు. ఆమె వెనక మిసావో. మిసావో వెనక మిగతా ఆడవాళ్ళు.

తన ముందు ఇంకొకరి వీపు ఉండడం మిసావోకి కొత్త. ముడేసిన జుట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది. గులాబీరంగు చొక్కా కింద రెండు చిన్న ఎముకలు కదులుతున్నాయి. ఆ మడమలు చూస్తూ పోతే చాలు, ఏమీ ఆలోచించక్కర్లేదు. ఇన్నాళ్ళూ వీళ్ళందరికీ ఇంత హాయిగా ఉండేదా అనుకుంది. అడుగులు తేలిగ్గా పడుతున్నాయి. ఎండిన రెల్లు వాళ్ళు వెళ్ళే వైపుకే వంగి ఉంది. గాలి వెనకనించి తోస్తోంది. అప్పుడు కూడా అది తన వీపుకే తగులుతోందని ఆమెకి తెలియకపోలేదు.

"ఎలా ఉందండీ మిసావోగారూ? లాగుతున్నానా?" కజితాని వెనక్కి తిరిగి అరిచింది.

"లాగుతున్నారు అమ్మగారూ!"

ఇనపవంతెన స్తంభం దగ్గరికి వచ్చేసరికి మిసావో చేతి గడియారం చూసుకుంది. కావలసిన దానికంటే ముందే ఉంది. కాళ్ళలో ఇంకా బోలెడు మిగిలి ఉంది. తిరుగు దారిలో ఎవరైనా కొద్దిదూరం గాలి ఆపితే చాలు, అయిపోతుంది. గుండెలో ఏదో ఎగిరినట్టైంది.

స్తంభం చుట్టూ తిరిగారు. కజితాని పెద్ద చుట్టు తిరిగింది. మిసావో చిన్న చుట్టు తిరిగింది. కొండ ఎదురైంది, గాలి ఎదురైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని చూసేసరికి ముందు ఎవరూ లేరు. బూడిదరంగు దారి, వంగిన రెల్లు, దూరంగా తెల్లగా కొండ. మిసావో వెనక్కి చూసింది. గులాబీరంగు చొక్కా సరిగ్గా ఆమె వీపు వెనక సర్దుకుని ఉంది. మిగతావాళ్ళు దాని వెనక. నీళ్ళు పల్లానికి చేరినట్టు చేరిపోయారు.

"ఇక్కణ్ణుంచి మీ లయ మీద పోదామండీ! మీ లయే బాగుంటుంది!"

మిసావో అలాగే కొంతదూరం పోయింది. తర్వాత ఎడమ పక్కకి జరిగి చెయ్యి ఊపింది. సంఘంలో ఆ ఊపుకి అర్థం అందరికీ తెలుసు. వెనక వరస కూడా ఎడమకి జరిగింది. ఆమె కుడికి జరిగింది. వరస కుడికి జరిగింది, గాలిపటం తోకలా. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మిసావోగారు ఇవాళ సరదాగా ఉన్నారే!"

"అమ్మగారూ, వంతు," అంది మిసావో.

"ఏంటండీ? గాలికి వినపడ్డం లేదు!"

"వంతు మార్చండి. మాటిచ్చారు."

"అయ్యో, ఇచ్చాను కదండీ! ఇందాకటిదాకా నేనే కదా ముందున్నాను! సగం నేను, సగం మీరు. అంతేగా?"

ఆ గొంతులో కపటం లేదు. మిసావో చెవులు రిక్కించి వెతికింది, కాస్తైనా దొరుకుతుందేమోనని. దొరికితే బాగుండేది. ఆవిడ నిజంగానే మాట తీర్చుకున్నాననుకుంటోంది. ఇంటికెళ్ళి స్నానం చేసి, మొగుడితో అదే చెబుతుంది. ఆయన, "మంచిపని చేశావు," అంటాడు.

మిసావో నెమ్మదించింది. వాళ్ళూ నెమ్మదించారు. ఇంకా నెమ్మదించింది. వాళ్ళూ అంతే. చివరికి ఆమె ఆగిపోయింది. కజితాని చేతులు రెండూ వచ్చి ఆమె వీపుకి ఆనుకున్నాయి.

"ఏమైందండీ? నరం పట్టేసిందా?"

"లేదు."

"మరి?"

"ఏమీ లేదు. మీరు వెళ్ళండి అమ్మగారూ."

"మీరు లేకుండా ఈ గాలిలో ఎలాగండీ?"

మిసావో పక్కకి తప్పుకుని గడ్డిలో నిలబడింది. కజితాని కొండవైపు చూసింది. తర్వాత మిసావో భుజం తట్టింది. "పాపం, పొద్దున్నించీ పని. అలిసిపోయారు. ఆదివారానికి కాస్త ఓపిక దాచుకోండి." వాళ్ళు కదిలారు.

మిసావో చూస్తూ నిలబడింది. ఒకరు ముందుకొస్తే ఇంకొకరు ఆమె చాటుకి పోతున్నారు. చాటు చాలక ఇంకొకరు తోసుకొస్తున్నారు. వరస కాస్తా చెదిరి, దారంతా పరుచుకుని, ఎవరికి వాళ్ళయ్యారు. ఈ దృశ్యం చూస్తే బాగుంటుందని ఆమె ఎప్పుడో ఒకసారి అనుకుంది. ఏమీ బాగాలేదు.

ఇప్పుడైనా పరిగెడితే రెండు గంటల్లోపు అందుతుందేమో. పరిగెత్తింది. రెండు కరెంటు స్తంభాలు దాటేసరికి ఆమెకో సంగతి తెలిసింది. ఆమె చెవులు వెనకే ఉన్నాయి. వెనకవాళ్ళ అడుగులు దగ్గరగా వినిపిస్తే తొందరపడడం, దూరమైతే తగ్గడం, ఆమె కాళ్ళకి తెలిసిన పరుగు అది. వెనక ఎవరూ లేకపోతే ఎంత జోరు తనదో ఆమెకి తెలియదు. స్తంభాల మధ్య ఉరికింది కూడా ఆ మాట కోసమే, అమ్మగారి వీపు వెనక అడుగు తప్పకుండా ఉండాలనే. మిసావో నడక మొదలుపెట్టింది. చెమట చల్లబడి ఒళ్ళు వణికింది. కరకట్ట మెట్లు కనబడగానే కిందికి దిగి, బస్సెక్కింది.

ఇంట్లో షోయిచి టీవీ మీంచి తల తిప్పాడు. "ఇవాళ త్వరగానే వదిలేశారే, తరిమేవాళ్ళు?"

ఆమె ముల్లంగి తురిమింది. చేప కాల్చింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

"గెలిచావా?"

"పోటీ కాదు."

"మరెందుకూ?" అని అడిగి, అతను చేప ముల్లు తీసుకోవడంలో పడిపోయాడు.

ఆదివారం మిసావో లాండ్రీకి వెళ్ళింది. పొద్దున్నే డప్పులు వినిపించాయి, మైకులో ఎవరో లెక్కపెట్టడం వినిపించింది, పెద్ద కేక వినిపించింది. తర్వాత వేలమంది అడుగులు, దూరంగా వానలా.

"అక్కా, ఇప్పుడైనా వెళ్ళు. వెనకనించి కలుస్తావు," అంది చిజురు. "యజమాని అడిగితే కడుపునొప్పని చెబుతాను."

"దుప్పటి ఒక్కదానివే ఎలా పడతావు?"

మిసావో దులిపింది. చిజురు అందుకుంది. ఇద్దరూ ఒక అడుగు ముందుకు వేశారు. ఆ రోజు మిసావో మునివేళ్ళ మీద లేవలేదు.

ఆఖరి దుప్పటి రోలరులోంచి బయటికొచ్చి మడత పడ్డాక, ఆమె లోపలి గదికి వెళ్ళి, యజమానికి వంగి నమస్కరించి, పని మానేస్తున్నానంది. ఆయన హాజరు పుస్తకం తెరిచాడు. ఇన్నేళ్ళలో ఆమె సెలవు పెట్టింది అత్తగారు పోయినప్పుడే. మానేముందు పనిచెయ్యాల్సిన రోజుల్లోంచి వాడుకోని సెలవులన్నీ తీసేస్తే మర్నాటినించే ఆమె రానక్కర్లేదు. ముందుగదిలో అద్దం కట్టిన సర్టిఫికెట్టు కింద చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత కజితాని రోలరు దగ్గరికి వచ్చి నిలబడింది. ఈసారి పోటీ పూర్తి చెయ్యడానికి ఆవిడకి రెండు గంటలు దాటి చాలాసేపు పట్టింది.

"చిజురూ, మిసావోగారు ఏమైనా చెప్పారా? నా మీద ఏమైనా..."

"ఏం చెప్పలేదండీ."

"ఎంత బాగా చూసుకున్నానో కదా ఆవిణ్ణి," అంది కజితాని. కళ్ళు తుడుచుకుంది కూడా.

మిసావో పక్క ఊళ్ళో ఆసుపత్రి వంటగదిలో చేరిందని ఎవరో అన్నారు. పరిగెడుతోందా అని ఎవరూ అడగలేదు. కరకట్టవైపు మాత్రం మళ్ళీ రాలేదు.

పోటీ ముందురోజు నగసే మాస్టారు చొక్కాకి గుచ్చుకునే పోటీ నంబర్లు సంఘం వాళ్ళందరివీ తనే తీసుకొచ్చి రేకుల గదిలో మేకులకి తగిలించాడు. ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. ఒక కవరు ఇప్పటికీ మేకుకే మిగిలి ఉంది. దాని మీద మిసావో పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా కొండగాలి లోపలికొచ్చి దాన్ని కదిపితే, లోపల నంబరు గుడ్డతో పాటు వేసిన నాలుగు పిన్నీసులు సన్నగా గలగలమంటాయి.