తిట్ల పెట్టె

గంగులప్ప పరువు మూడెకరాల రాగి చేను మధ్యలో, ఒక ఇనప స్తంభం మీద, ఎండకు నడిచే పెట్టెలో ఉండిపోయింది. దాన్ని కిందికి దించుకుందామంటే చేను దక్కదు. పైనే ఉంచుదామంటే ఊళ్లో తలెత్తుకోవడానికి లేదు. ఇలాంటి కష్టం ఇంతకు ముందు ఏ రైతుకూ వచ్చి ఉండదు కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి.

రామకుప్పం దాటి అడివి వైపు పోతే చివరి ఊరు గంగులప్పది. రాగి వెన్ను గట్టిపడే వేళకు అడివిలోంచి ఏనుగులు దిగుతాయి. ఊరివాళ్లు టపాకాయలు కాల్చారు, డబ్బాలు కొట్టారు, కందకం తవ్వారు. ఏనుగులు టపాకాయలకు అలవాటు పడ్డాయి, డబ్బాలను లెక్క చెయ్యలేదు, కందకం గట్టును కాళ్లతో లోపలికి తోసి దారి చేసుకున్నాయి. ఇన్ని చేసినా ఎవరూ వాటిని ఒక్క మాట అనరు. చేను మేసిపోయిన మర్నాడు కూడా అడుగుజాడ దగ్గర కర్పూరం వెలిగించి దండం పెట్టే ఊరది.

అలాంటి ఊరికి హరిత పెట్టె తెచ్చింది. మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఇలాంటి పెట్టెలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరిన పక్కూరి పిల్ల. పెట్టెకు పైన సోలార్ పలక, ముందు కెమెరా, కింద స్పీకర్. కెమెరా ఏనుగును చూస్తుంది, లోపలి కంప్యూటర్ అది ఏనుగేనని తేల్చుకుంటుంది, స్పీకర్ అరుస్తుంది. కరెంటు తీగ అక్కర్లేదు, మందుగుండు అక్కర్లేదు, ఏనుగు ఒంటి మీద గీత కూడా పడదు. రేపటి సమాజం ఇట్లాగే ఉంటుందని హరిత చెప్పింది. రేపటి సంగతి సరే, ఈ పంట చేతికొస్తే చాలని గంగులప్ప తన చేన్లో స్తంభం పాతించాడు.

మొదట పులి గాండ్రింపు పెట్టారు. ఏనుగులు ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. గంగులప్ప ఇంటి ఆవు మాత్రం పలుపుతాడు తెంపుకొని పరిగెత్తి, పక్కింటి రెడ్డెప్ప వంటగదిలో దూరింది. గంగులప్ప భార్య చిన్నమ్మది పుంగనూరు. పుట్టింటివాళ్లు ముచ్చటపడి ఇచ్చిన పుంగనూరు ఆవు, మూడడుగుల పొట్టిది కాబట్టి గుమ్మంలో పట్టింది. రెండు రోజులు చుక్క పాలివ్వలేదు.

హరిత తల గోక్కుంది.

"మనిషి గొంతుకైతే ఏనుగు జంకుతాదంట అప్పా. అది కూడా ఈ చేలల్లో దినామూ వినపడే గొంతైతే ఇంకా మేలు."

ఊరంతా కూడబలుక్కున్నట్టు చిన్నమ్మ వైపు తిరిగింది. ఆమె ఇంటి ముందు నిలబడి "కూటికి రాయ్యా" అంటే రామకుప్పం రోడ్డు మీద పోయే బస్సు ఆగిన సందర్భం ఉంది. డ్రైవరు ఎవరో ఎక్కడానికి వస్తున్నారనుకున్నాడు.

"నేను ఒప్పుకోను," అంది చిన్నమ్మ. "ఏనుగంటే ఎవరనుకుంటివి పాపా? వినాయకసామి. సామిని తిట్టేదానికి నాకు నోరెట్లొస్తాది?"

అప్పుడు రెడ్డెప్ప ఒక సలహా ఇచ్చాడు. రెడ్డెప్ప సలహా వల్ల బాగుపడినవాడు ఆ ఊళ్లో లేడు, అయినా అందరూ వింటారు.

"సామిని యాల తిట్టేది మ్మా? మీ ఆయన్ని తిట్టు. అది నీకు అలవాటే గదా."

గంగులప్పను మైకు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రోజూ తినే తిట్లే, ఈ పూట చేను కోసం తింటే తప్పేముందనుకున్నాడు పాపం. చిన్నమ్మ కొంగు బిగించి, మొగుడి ముఖం ఒక్క క్షణం చూసింది. అంతే, ముప్పై ఏళ్ల కాపురం మొత్తం గొంతులోకి వచ్చింది.

"యోవ్, నీకు కండ్లు యాడుండాయి, నెత్తి మిందనా? టమాటా నారు తెమ్మని కుప్పం పంపిస్తే వంగనారు తెస్తివి. నెల దినాలు నీళ్లు పోసి, కాయ కాసినంక, ఇదేందే నీలంగా ఉండాది అంటివి. మా తమ్ముని పెండ్లికి సొక్కా తిరగేసి తొడుక్కోని పుంగనూరంతా నవ్విస్తివి. కట్టుడు పండ్లు యాడ పెడితివో నీకే తెలీదు, ఆవు కుడితిలో దొరికె. ఈడేం పని నీకు? పో. పోతావా, ల్యాకుంటే నన్ను రమ్మంటావా?"

ముప్పై ఏళ్లలో ఆమె మొగుడి పేరు పలకలేదు. పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పి పంపింది. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే కూడా పక్కింటావిడ చేత చెప్పించింది. ఏ తిట్టయినా "యోవ్"తోనే మొదలు. అందువల్ల పెట్టెలో గంగులప్ప పేరు లేదు. కానీ ఆ గొంతు ఎవరిదో, ఆ వంగనారు ఎవరిదో తెలియనివాళ్లు చుట్టుపక్కల నాలుగూళ్లలో లేరు.

ఆ వారమే ఏనుగుల మంద దిగింది. పెట్టె నోరు తెరిచింది. కట్టుడు పళ్ల దాకా రాకముందే మంద వెనక్కి తిరిగి అడివిలో పడింది. గంగులప్ప చేన్లో ఒక్క గింజ కూడా పోలేదు.

పోయింది గింజ కాదు. తెల్లారి టీ అంగడికి పోతే ఒకడు "కుడితిలో ఏమైనా దొరికిందా అప్పా?" అని అడిగాడు. బడికి పోయే పిల్లలు "ఇదేందే నీలంగా ఉండాది" అని పాడుకుంటూ పోయారు. కెమెరాకు సందేహం వస్తే కూడా పెట్టె అరిచేది. ముసురు పడుతున్నప్పుడు నెత్తిన నల్ల కంబళి కప్పుకొని పోయిన రెడ్డెప్పను చూసి ఒకసారి అరిచింది. తనను ఏనుగనుకున్నందుకు రెడ్డెప్ప మురిసిపోయాడు, తిట్లు మాత్రం గంగులప్ప ఖాతాలోకే పోయాయి.

ఒక సాయంత్రం గంగులప్ప ఓర్చుకోలేక కెమెరా మీద గోనెసంచి కప్పి వచ్చాడు. మర్నాటికి చేను తూర్పు వైపు ఒక మూల నున్నగా అయిపోయింది. తినగా మిగిలింది ఏనుగులు తొక్కేశాయి. తానే పోయి సంచి తీశాడు. పరువు తిని బతకలేము, సంగటైతే తిని బతకొచ్చు అని తనకు తాను చెప్పుకున్నాడు.

మదనపల్లెలో రైతులకు కొత్త పరికరాల ప్రదర్శన జరిగితే, హరిత అవే తిట్లు నింపిన ఇంకో పెట్టెను వేదిక మీద పెట్టి, మొగుడూ పెళ్లాలిద్దర్నీ పిలిపించింది. వేదిక మీద ఒక పెద్దమనిషి సాంకేతికత, ప్రకృతి చెయ్యీ చెయ్యీ పట్టుకొని నడిచే సుస్థిర సమాజం గురించి ముప్పావు గంట చెప్పాడు. పాపం ఆయన లావుపాటి మనిషి, బూడిద రంగు సూటు వేసుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ పెట్టె ముందుకు నడిచాడు.

"యోవ్, నీకు కండ్లు యాడుండాయి?" అంది పెట్టె.

ఆయన వంగనారు దాకా నిలబడి విన్నాడు, తన గురించేనేమోనని. టమాటా మండీల వాళ్లు కింద పడి నవ్వారు. శాంతిపురం నుంచి, వాల్మీకిపురం నుంచి వచ్చిన రైతులు ఆ పెట్టే తమకూ కావాలన్నారు. వాల్మీకిపురం ఆయన్ని మీకు ఏనుగుల బెడద ఉందా అని హరిత అడిగితే, ఏనుగులు లేవు, ఊరికే వినేదానికి అన్నాడు. చిన్నమ్మకు శాలువా కప్పారు. గంగులప్పకు కూడా కప్పబోయి, ఎందుకు కప్పాలో ఎవరికీ తోచక ఊరుకున్నారు.

ఆ శాలువాతో చిన్నమ్మ మారిపోయింది. మదనపల్లె దాకా వినబడే నోరని తెలిసిపోయాక ఇంట్లో గొంతు తగ్గించింది. అన్నం దగ్గర "ఇంకొంచెం పులుసు పోసుకోరాదా" అని మెత్తగా అడుగుతుంటే గంగులప్పకు ముద్ద దిగేది కాదు. ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టు ఉండేది. తిట్లు లేని ఇల్లు ఇంత ఒంటరిగా ఉంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

సరిగ్గా కోతకు పది రోజులుండగా అసలు ముప్పు వచ్చింది. ఏనుగులు ఆ తిట్లకు అలవాటు పడ్డాయి. మంద గట్టు మీదే ఆగి, చెవులు ఊపుకుంటూ, కట్టుడు పళ్ల దగ్గర్నుంచి కడదాకా నింపాదిగా విని, ఆ తర్వాత మేత మొదలుపెట్టింది. ఒక్క పూటలో అర ఎకరం పోయింది. ఏడాది సంగటి అంతా ఆ చేన్లో ఉంది.

హరిత పరిగెత్తుకొచ్చింది.

"కొత్త తిట్లు కావల్ల అమ్మా. పాతవి వాటికి కంఠతా వచ్చేసినట్టుండాయి."

చిన్నమ్మ మైకు ముందు కూర్చుంది. మొగుడి వైపు చూసింది. "యోవ్," అంది. మళ్లీ చూసింది. ఫక్కున నవ్వింది. "కోపం రాలేదు పాపా. ఆ మొకం సూస్తే నవ్వొస్తాండాది."

హరిత పెట్టెకున్న ఎర్ర మీట నొక్కి, అది నొక్కి ఉన్నంతసేపూ పెట్టె అరవదు, చుట్టుపక్కల మాటలన్నీ లోపలికి పోతాయని చెప్పి వెళ్లింది. ఇక కోపం తెప్పించే బాధ్యత గంగులప్ప మీద పడింది. మర్నాడు చిన్నమ్మ గట్టు మీద గడ్డి కోయడానికి చేన్లోకి వచ్చేసరికి కావాలని చొక్కా తిరగేసి తొడుక్కుని నిలబడ్డాడు. ఆమె నవ్వి, విప్పించి, సరిగ్గా తొడిగించింది. ఆవు కుడితిలో టీ పొడి కలిపాడు. ఆవు మొత్తం తాగేసి ఇంకా కావాలన్నట్టు చూసింది. చివరికి ఆమె దాచుకున్న శాలువాను మడిచి గంపకు చుట్టకుదురు చేసుకున్నాడు. చిన్నమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "సేను కోసం ఎంత అగసాట్లు పడతాండావయ్యా," అంది. ఆ అభిమానంతో ఆయన పని పూర్తిగా చెడిపోయింది.

ఇక చేసేదేమీ లేక గంగులప్ప తానే కాపలా కాద్దామనుకున్నాడు. భార్యకు చెప్పకుండా, తెల్లవారుజామున లేచి, సంగటి తినే ఇత్తడి తట్టా గరిటే పట్టుకొని చేనికి పోయాడు. వెలుగు రాబోతుండగా మంద వచ్చింది. కొమ్ముల ఏనుగు ఒకటి ముందుకొచ్చి ఆయనకు ఇరవై అడుగుల దూరంలో ఆగింది. గంగులప్ప తట్ట కొట్టాడు. అది చెవులు విప్పింది. ఆయన కాళ్లు పరిగెత్తుదామన్నాయి, కానీ వెనకాల ఉన్నది తన చేను. తట్ట కొడుతూనే ఉన్నాడు. ఏనుగు ఇంకో అడుగు వేసింది.

"గంగులప్పా!"

ఆ కేకకు ఆయన చేతిలో గరిటె పడిపోయింది. ఏనుగు కూడా ఆగింది. గట్టు మీద జుట్టు విరబోసుకొని, చేతిలో సంగటి తెడ్డుతో చిన్నమ్మ.

"గంగులప్పా, నీకు మతి ఉండాదా? సామి ముందర తట్ట కొట్టుకుంటా నిలబడినావే, సచ్చిపోతే ఏం జేసేది నేను? ఎవురి మింద అరిసేది? రాగులు పోతే అంగట్లో కొనుక్కుందుము, నిన్ను ఏ అంగట్లో కొనేదయ్యా? ముప్పైయేండ్లు తిట్టి తిట్టి సాకింది ఏనుగు కాళ్ల కింద ఏసేదానికా? రా ఇట్ల. పో సామీ నువ్వు, పో, ఈన నావాడు."

ఆ గొంతులో కోపం ఎంతో, భయం ఎంతో, ఏడుపు ఎంతో విడదియ్యడానికి లేదు. కొమ్ముల ఏనుగు రెండు అడుగులు వెనక్కి వేసి తిరిగింది. మంద దాని వెంట పోయింది.

గంగులప్ప వంగి గరిటె తీసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. "మే, ఎర్ర మీట నొక్కే ఉండాది మే," అన్నాడు పెళ్లాంతో.

తెడ్డు దెబ్బా, ఆ వెనక "అబ్బా" అన్న మాటా కూడా చాలా స్పష్టంగా రికార్డయ్యాయి.

ఏనుగులు ఆ తిట్లను ఇంకా కంఠతా పట్టలేదు. కోత అయిపోయింది, రాగులు ఇంటికి చేరాయి. ఈసారి పెట్టె అరిస్తే ఊళ్లో ఎవరూ నవ్వలేదు. రెడ్డెప్పయితే విన్న మర్నాడు పెళ్లానికి కుప్పం నుంచి మిఠాయి పొట్లం తెచ్చాడు.

ఒక్క చిన్నమ్మకే బెంగ.

"ఆ పేరు మటుకు కోసెయ్యి పాపా," అని హరితను బతిమాలింది. "నా నోట ఆ పేరు వస్తే ఈయన ఆయుస్సు తగ్గుతాది."

"కోసేదొద్దు," అన్నాడు గంగులప్ప. "నువ్వు ఆ పేరు పిలిస్తేనే గదా నేను ఈపొద్దు బతికుండాను."

కోత కోసిన చేన్లో ఇప్పుడు ఏనుగులకు పని లేదు. పెట్టెకూ లేదు. అయినా పొద్దు వాలే వేళ గంగులప్ప ఆవుకు గడ్డి తెస్తానని చెప్పి అటు పోతాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, నల్ల కంబళి నెత్తి మీదుగా కప్పుకొని, వంగి, కెమెరా ముందు అటూ ఇటూ నడుస్తాడు. పెట్టెకు సందేహం వస్తుంది.

"గంగులప్పా!" అంటుంది.

"వస్తాండా మే," అంటాడు గంగులప్ప.