పాలలో ముఖాలు

శ్రవణ్ దగ్గర మొదట పదహారు వేల రూపాయలుండేవి. గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజుల్లో మేస్త్రీ దగ్గర కూలీల లెక్కలు రాసి కూడబెట్టినవి. వాటితో బర్రెను కొని తన ఊరు కనకమామిడికి తోలుకొచ్చాడు.

పొద్దున పాలు పిండాక నురుగు ఊది చూడటం ఆ ఊళ్లో అందరికీ అలవాటు. ఆ పాలు ఎవరు తాగుతారో వాళ్ల ముఖం కనిపిస్తుంది. వసంతమ్మ పాలలో మనవడు, ఎంకయ్య పాలలో హోటల్ సేటు. శ్రవణ్ బకెట్లో మాత్రం బూడిదరంగు మసకే. డెయిరీ కేంద్రానికి పోయే పాలన్నీ అంతే. ట్యాంకర్లో కలిసి, వెన్న తీయించుకుని, పొడి కలిపించుకుని ప్యాకెట్లోకి ఎక్కే పాలకు ఎవరింటికి పోతున్నాయో గుర్తుండదు.

కేంద్రంలో లీటరుకు పది రూపాయలు. దాణా, గడ్డి ఖర్చు పదకొండు. అదే ప్యాకెట్ పట్నంలో ఇరవై.

"ఎంత పిండితే అంత లాసు, బాపూ," అని నవ్వాడు శ్రవణ్.

"నవ్వు, నవ్వు. మంగళవారం బర్రెను సంతకు తోలుకపోత," అన్నాడు తండ్రి శివయ్య.

"సంతల పది వేలు గూడ రావు. నా పైసలన్నీ మునుగుతయి."

"ఉంచుకుంటే మనమే మునుగుతం."

మంగళవారం శివయ్య పలుపు విప్పుతుంటే శ్రవణ్ పాల బకెట్ దించి తల్లి నీలమ్మతో అన్నాడు: "అవ్వా, ఇయ్యాల్టి పాలు కేంద్రానికి కాదు. పట్నంల ఇంటింటికి పోస్త."

ఆ మాటకే మసక విడిపోయింది. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి, ఆమె చంకలో పాప, కళ్లద్దాల పెద్దాయన, ఇంకా ఎవరెవరో.

"ఆరిండ్లు!" లెక్కపెట్టాడు శ్రవణ్. "లీటరు పదహారుకిచ్చినా వాళ్లకు ప్యాకెట్ కంటే అగ్గువ. పెట్రోలు పోను మనకూ మిగుల్తది."

"పేరు తెల్వదు, గల్లీ తెల్వదు," అన్నాడు శివయ్య. " ముఖాలు పట్టుకొని యాడ తిరుగుతవ్‌రా?"

నీలమ్మ బకెట్ మీదికి వంగింది. "ఆగుండ్రి. గీ మీసాలు మన పక్కూరు ప్రొద్దుటూరు గిద్యోనువి గావా?"

గిద్యోను గచ్చిబౌలిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పాలలో అతను చాయ్ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు. అతని విజిల్ పాప నోట్లో ఉంది.

శివయ్య ఆ పాపను చాలాసేపు చూశాడు.

"ఏం పాలు పోస్తున్నరో ఏమో, గింత బక్కగున్నది."

విడిచిన బర్రె తనంతట తనే కుడితి తొట్టి దగ్గరికి పోయింది. శివయ్య ఆ పలుపుతోనే పాల క్యాన్‌ను మోపెడ్‌కు బిగించి కట్టాడు.

"జర మెల్లగ పో. గుంతలల్ల ముఖాలు చెదురుతయి."

గిద్యోనన్న ఏ గేటు దగ్గరుంటాడో మొయినాబాద్‌లో ఆగి అతనికే ఫోన్ చేసి అడగాలనుకుంటూ శ్రవణ్ బండెక్కాడు.