మేజరు గారు కూర్చున్న కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. టేకు కాళ్లు, నవారు పట్టీలు, వీపు మీద తెల్లరంగుతో ఆఫీసు పేరు. పుట్టింది జైల్లో. కంగారు పడకండి, నేను చేసిన నేరమేం లేదు. జైలు వడ్రంగి శాలలో యావజ్జీవం పడ్డ ఒక ఖైదీ నన్ను చిత్రిక పట్టి, మేకులు కొట్టి, తన చేత్తోనే రంగు వేశాడు. ఏ పరీక్షా రాయకుండా, ఎవరి సిఫారసూ లేకుండా పుట్టుకతోనే ప్రభుత్వోద్యోగం దొరికింది నాకు. పాపం, చేసినవాడు మాత్రం ఒక్కసారైనా నా మీద కూర్చుని చూసుకోలేదు. బరువు ఆగుతుందో లేదో చూడ్డానికి వార్డరు కూర్చున్నాడు.

అక్కణ్నించి చింతలకోట తాసీల్దారు ఆఫీసుకు వచ్చాను. మడత కుర్చీ ఉద్యోగమంటే తిరుగుడు ఉద్యోగం. గ్రామసభ అన్నా, ఎన్నికలన్నా, వరదలొచ్చాయన్నా అటెండరు మౌలాలి నన్ను చంకలో పెట్టుకుని జీపెక్కేవాడు. నా మీద ఎంతమంది కూర్చున్నారో! అంచున కూర్చుని ఎప్పుడు లేచిపోదామా అని చూసేవాళ్లు, వెనక్కి వాలి కునుకు తీసేవాళ్లు, చేతిరుమాలుతో నన్ను దులిపి గానీ కూర్చోనివాళ్లు. మనుషులు కుర్చీ కోసం కొట్టుకుంటారని అందరూ అంటుంటారు. నేను చూసినంతలో, దొరికాక దాంట్లో కూర్చునేవాళ్లే తక్కువ. మిగతావాళ్లు సెలవు పెడతారు.

మా తాసీల్దారు పరాంకుశం గారు అంచున కూర్చునే రకం. మంచివాడే. లంచానికి చెయ్యి చాపేవాడు కాదు, ఎవర్నీ కసిరేవాడు కాదు. ఎవరేం అడిగినా, "పై నుంచి ఏమైనా చెప్పారా?" అనేవాడు. పై నుంచి చెబితే చేసేవాడు, చెప్పకపోతే ఫైలు మూసి మంచినీళ్లు తాగేవాడు. అలా సర్వీసంతా నల్లటి మచ్చ లేకుండా గడుపుకొచ్చాడు. తెల్లటి మచ్చ కూడా లేదనుకోండి.

ఇంతలో ఊళ్లో విగ్రహం గొడవ వచ్చింది. మార్కెట్ సెంటర్లో చనిపోయిన ఒక నాయకుడి విగ్రహం పెట్టాలని ఒక వర్గం, ఆ చోటు మా నాయకుడిదని ఇంకో వర్గం. ఆ ఇద్దరు నాయకులూ బతికున్నన్నాళ్లూ ఒకే బల్ల దగ్గర పేకాడుకున్నారట. వాళ్ల అభిమానులు మాత్రం రాళ్లు పట్టుకున్నారు. దుకాణాలు తగలబడ్డాయి, పోలీసు స్టేషను అద్దాలు పోయాయి, కర్ఫ్యూ పెట్టారు. చివరికి మిలిటరీ దిగింది.

అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. మిలిటరీ వాళ్లు ఊళ్లోకి వస్తే వాళ్లంతట వాళ్లు ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదట. పక్కన మేజిస్ట్రేటు ఉండాలి, ఆయన 'ఊఁ' అంటేనే వాళ్లు కదలాలి. మా తాసీల్దారే ఆ మేజిస్ట్రేటు. అంటే అన్ని తుపాకులూ ఒక పక్క, పరాంకుశం గారి 'ఊఁ' ఒక పక్క. ఆయన కోసం మార్కెట్ సెంటర్లో షామియానా కింద మౌలాలి నన్ను వేశాడు. ఒక సర్కారీ కుర్చీకి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

వచ్చినాయన మేజర్ గవరయ్య. విజయనగరం వైపు మనిషి. పొడుగ్గా, నిటారుగా, ఇస్త్రీ చెడకుండా ఉండేవాడు. డ్యూటీలో ఉండగా కూర్చునేవాడు కాదు. పొద్దున్నే వచ్చి, టోపీ సరిచేసుకుని, నాలో కూర్చున్న మనిషికి సెల్యూట్ కొట్టేవాడు. పరాంకుశం గారికి ఆ సెల్యూట్‌ని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. సగం లేచి, నమస్కారమో ఇంకేదో పెట్టి, మళ్లీ అంచున కూర్చునేవాడు. మిలిటరీలో ఒక ఆచారం ఉందని మౌలాలి ఎవరికో చెబుతుంటే విన్నాను. నెత్తిన టోపీ లేకపోతే సెల్యూట్ కొట్టరట. ఉత్త తలతో నిలబడితే జవాను దగ్గర్నుంచి జనరల్ దాకా చేతులు కిందికే ఉంటాయట.

ఒక రోజు మధ్యాహ్నం రెండు వీధుల్లోంచీ రెండు గుంపులు వచ్చాయి. మేజరు వంగి, "సార్, మీ ఆర్డరు?" అన్నాడు. పరాంకుశం గారు అలవాటుగా పై నుంచి ఏమైనా చెప్పారా అని అడిగాడు. పైవాళ్లకు ఫోను కలవలేదు. ఇంతలో ఒక రాయి వచ్చి టీ బంకు గాజు సీసాల్ని పగలగొట్టింది. ఆయన ఆఫీసుకెళ్లి ఇంకో ఫోను నుంచి మాట్లాడి వస్తానని లేచాడు. అంతే. మేజరు మనిషిని పంపితే, సారుకు జ్వరమని ఇంటి దగ్గర్నుంచి కబురొచ్చింది.

నేను ఖాళీగా ఉన్నాను. మేజరు నా వైపు ఒకసారి, గుంపుల వైపు ఒకసారి చూశాడు. మేజిస్ట్రేటు దొరక్కపోతే గండం గడిచేదాకా మిలిటరీ అధికారి తానే చూసుకోవచ్చని చట్టంలో ఉందట. ఆయన చూసుకున్నాడు. జవాన్లు వరసగా నిలబడి, బూట్లు ఒకే చప్పుడు చేస్తుండగా ముందుకు నడిచారు. ఒక్క తుపాకీ పేలలేదు. రెండు గుంపులూ వచ్చిన సందుల్లోంచే పరుగెత్తాయి.

ఆ మర్నాడు ఊరు ఊరంతా మేజరు గారికి భక్తులైపోయారు. కర్ఫ్యూ సడలించిన వేళల్లో దండలు, కూల్ డ్రింకులు, హారతి పళ్లెం. అందరికన్నా ముందు బట్టల కొట్టు నాగభూషణం. రెండు వర్గాల వాళ్లకూ జెండా గుడ్డ అమ్మింది ఆయనే. "ఈ దేశానికి ఒక పదేళ్లు మిలిటరీ పాలన ఉండాలండీ. ఓట్లూ వద్దు, ఈ గోలా వద్దు," అని పక్కనున్న నలుగురికీ చెప్పి, మేజరు చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. "ఎంతసేపని నిలబడతారు సార్? ఖాళీగానే ఉందిగా."

మేజరు వద్దన్నాడు. మళ్లీ వద్దన్నాడు. ఎండ మాత్రం ఆయన మీద మామూలుగానే కాసింది. చివరికి టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

ఉన్నమాట చెప్పాలి కదా, నాకు హాయిగా ఉండింది. అంచున కూర్చోలేదు, వాలిపోలేదు. వెన్ను నిటారు, కాళ్లు నిబ్బరం. జనం కాగితాలు తెచ్చారు. రేషను దుకాణం వేళకు తెరిపించమంటే తెరిపించాడు. మురిక్కాలవ తీయించమంటే తీయించాడు. ఏళ్ల తరబడి గోడ కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ముల్ని పిలిపించి, గోడ కూల్చెయ్యమన్నాడు. ఇద్దరూ అన్యాయమైపోయి, ఇద్దరూ చిత్తం అని వెళ్లారు. ఊరు చప్పట్లు కొట్టింది. పోలీసులు కూడా ఆయన్నే అడగసాగారు, టీ తాగి రావచ్చా అని.

అలాంటి వేళ రోశమ్మ వచ్చింది. ఊరి చివర గేదెను పెట్టుకుని పాలు పోసుకునే ముసలావిడ. ఆమె కొడుకు కొండలు ముందురోజు సాయంత్రం గేదెకు గడ్డి కోయడానికి వెళ్లి, సడలింపు వేళ దాటాక మోపుతో, కొడవలితో తిరిగొస్తున్నాడు. ఎక్కడో మంచు ప్రాంతాల నుంచి వచ్చిన జవాన్లు మా వైపు గడ్డి కొడవలిని ఎప్పుడూ చూడలేదు. వాళ్ల కళ్లకు అది ఆయుధం. అతన్ని తీసుకెళ్లి, రాళ్లు రువ్వినవాళ్లతో పాటు హైస్కూల్లో పెట్టారు. రేపు వాళ్లందర్నీ ఒకే వ్యానులో జిల్లా జైలుకు పంపుతారట. ఆ గేదె కొండలు చెయ్యి పడితే తప్ప పాలు చేపదు.

లైను సర్దే పని తనంతట తానే మీదేసుకున్న నాగభూషణం ఆమెను ఆపాడు. "మేజరు గారు ఊరికే పట్టిస్తారా అమ్మా? ఏదో చేసే ఉంటాడు. ఇంటికి పో, పెద్దదానివి."

ఆమె పోలేదు. వంతు వచ్చేదాకా నిలబడింది. మేజరు తలెత్తి మెత్తగానే అడిగాడు, "ఏటమ్మా?" అని. రోశమ్మ చుట్టూ చూసింది. దండలు చూసింది, వెనక తుపాకీ పట్టుకుని నిలబడ్డ జవాన్ని చూసింది, సంతోషంగా ఉన్న ఊరిని చూసింది. కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"ఏం లేదు బాబూ," అని వెళ్లిపోయింది.

మేజరు తరవాతి కాగితం అందుకున్నాడు. కొయ్యనైన నాకే ఎక్కడో కలుక్కుమంది. ఆ నాలుగైదు రోజుల్లో నా ముందు ఒక్కరూ గొంతు పెంచి మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. దాన్నే అందరం ప్రశాంతత అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఇక పరాంకుశం గారింట్లో జరిగింది మౌలాలి చెప్పగా విన్నదే. వాళ్లకు పాలు పోసేది రోశమ్మే. పాలు రాలేదు. ఆయన భార్య పద్మాసని గారు వాకబు చేయించి, సంగతంతా తెలుసుకుని, మంచమ్మీద దుప్పటి ముసుగేసుకున్న భర్తకు గ్లాసు నిండా నల్లటి డికాషన్ ఇచ్చారట. పాలేవని ఆయన అడిగితే, పాలు పితికేవాడు బళ్లో ఉన్నాడనీ, వాణ్ని విడిపించే కుర్చీ మార్కెట్లో ఉందనీ చెప్పారట. ఆయన గోడ వైపు తిరిగాడు. ఆవిడ దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టారు, ఆయన ఇంకా అందులో ఉండగానే.

"మీ కుర్చీలో ఆయన చక్కగా చేస్తున్నారట. మరి నన్ను ఇకమీదట తాసీల్దారు గారి భార్య అనొచ్చో అనకూడదో, అదొక్కటీ కనుక్కుని రండి," అన్నారట.

కాసేపటికి పరాంకుశం గారు కాలినడకన వచ్చాడు. గడ్డం మాసింది. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఆయన్ను చూడగానే జనం దారి ఇవ్వలేదు. ఎవరో, జ్వరం ఏ కంపెనీదండీ అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వుల మధ్యలోంచి పక్కకు తిరిగి తిరిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేజరు గారూ, ఆ కుర్చీ నాది. లేవండి."

నాగభూషణం ముందుకొచ్చి, "లేవకండి సార్. ఊరంతా మీ వైపుంది. ఈయన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు. ఔనౌనన్నారు జనం. తుపాకులు మేజరువి, చప్పట్లు మేజరువి, పని తెలిసిందీ మేజరుకే. పరాంకుశం గారి దగ్గర ఏముంది? తప్పు బొత్తాల చొక్కా. మేజరు నాలోంచి కదల్లేదు. ఆయన చేతులు నా చేతుల మీద బిగుసుకున్నాయి. కదలకుండా ఉంటే బాగుండునని ఆ క్షణాన నా కొయ్యకు కూడా అనిపించింది. తలుచుకుంటే ఇప్పటికీ నా నవారు వదులైపోతుంది.

మేజరు లేచాడు. బల్ల మీది టోపీ తీసి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకుని సరిచేసుకున్నాడు. మాసిన గడ్డానికీ, తప్పు బొత్తాలకూ ఎదురుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"మీరు లేని కాసేపూ చూసుకోమంది సార్ చట్టం," అన్నాడు చిన్నగా. "ఆ కాసేపు ఎప్పుడో అయిపోయింది. నేనే చూసుకోలేదు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. శత్రువు ముందు కూడా ఆ చెవులు అలా ఎర్రబడి ఉండవు.

పరాంకుశం గారు కూర్చున్నాడు. ఈసారి అంచున కాదు, అలాగని హాయిగానూ కాదు. లైనులో ఉన్నవాళ్లు కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు. దండలు తెచ్చినవాళ్లు దండల్తోనే వెళ్లిపోసాగారు.

అప్పుడు వినపడింది రోశమ్మ గొంతు, వీధి ఆ చివర్నుంచి.

"ఏమయ్యా తాసీల్దారూ, ఏడకి పోయినావయ్యా ఇన్నాళ్లు? నా బిడ్డ గడ్డి కోసుకునే కొడవలి పట్టుకుంటే కత్తి పట్టినాడని లోపలేసినారు. గేదె పొదుగు రాయైపోయింది. నీకు జొరమంటగా? కుర్చీ ఎక్కినోడికి జొరాలు రాకూడదు. వచ్చినా ఈడనే కూర్చోని మూలగాల."

మేజరు ముందు నోరు పెగలని మనిషి. ఇప్పుడు కొంగు నడుముకు దోపుకుని, చేతులు తిప్పుతూ, ఆయన వంశాన్ని కూడా రెండు మాటలని, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పరాంకుశం గారు తల దించుకుని అంతా విన్నాడు. పై నుంచి ఏమైనా చెప్పారా అని అడగలేదు.

"జ్వరం కాదమ్మా," అన్నాడు. "భయమేసి దాక్కున్నాను."

ఊరంతా విన్నది. మేజరు పక్కకు చూశాడు. ఎవరో నవ్వబోయి మానేశారు.

"ఏసిందిలే. ఎవురికి ఏయదు," అంది రోశమ్మ. "ఇప్పుడన్నా లెయ్. బడి కాడికి పోదాం పా."

ఆయన లేచాడు. ముందు రోశమ్మ, వెనక తాసీల్దారు, ఆయన వెనక రెండడుగుల దూరంలో మేజరు, అలా హైస్కూలు వైపు నడిచారు. ఆ సాయంత్రానికల్లా కొండలు చేతికి పొదుగు మెత్తబడింది.

మిలిటరీ వెళ్లిపోయింది. మురిక్కాలవ మళ్లీ నిండింది. పరాంకుశం గారికి బదిలీ అయింది. నాగభూషణం ఇప్పటికీ, ఆ మేజరు ఉండి ఉంటేనా, అని నిట్టూరుస్తూనే గజాలు కొలుస్తాడు. ఎన్నికలొస్తే ఓటు మాత్రం వెయ్యడు, లైను పొడుగ్గా ఉందని.

నాకు ఒక కాలు విరిగింది. పనికిరాని సామాను కింద రాసి ఆఫీసు వరండా మూలన పడేశారు. తాసీల్దారు కోసం పడిగాపులు కాసేవాళ్లు నన్ను గోడకు ఆనించి ఒరుగుతారు. ఒరిగి, లోపలున్నాయన్ని నోటికొచ్చినట్టు తిడతారు. వాళ్లలో ఎవరూ గొంతు తగ్గించరు. కిటికీ తెరిచే ఉంటుంది. ఒక్కోసారి తిట్టు మరీ ఘాటుగా తగిలినప్పుడు లోపల పెన్ను కాసేపు ఆగడం, తరవాత బంట్రోతును పిలిచి వాళ్లను లోపలికి పంపమనడం ఇక్కడికి వినపడుతుంది.